టాటయ్య తాతయ్య అయ్యేదెలా?

ఆదివారం పొద్దున్నే డల్లాస్ నుంచి వీడియో కాల్ వస్తుంది. మనవడికి ఆరేళ్ళు. తెర మీద నా మొహం కనబడగానే "హాయ్ టాటయ్యా!" అంటాడు. "టాటయ్య కాదురా నాన్నా, తా... త... య్య" అని వాళ్ళ నాన్నమ్మ పక్కనుంచి సాగదీసి చెబుతుంది. వాడు బుద్ధిగా విని, "అదే కదా నేనూ అన్నది, టాటయ్య" అంటాడు. అది మొండితనం కాదు. వాడికి నిజంగానే రెండూ ఒకటిగా వినబడుతున్నాయి. చెవి దాకా వెళ్ళిన త, ట లోపల ఒకే గూట్లో పడుతున్నాయి.

వాణ్ణి చూసి నవ్వేముందు మన సంగతి చూసుకోవాలి. ఇంగ్లీషులో పడమరనీ, బనీనునీ కూడా మనం 'వెస్ట్' అనే రాస్తాం. ద్రాక్షసారా అయినా ద్రాక్షతీగ అయినా మనకి 'వైన్' ఒక్కటే. వాళ్ళకి అవి రెండేసి వేరు మాటలు. ఒకదానికి పైపళ్ళు కిందిపెదవికి తగలాలి, రెండోదానికి పెదాలు సున్నాలా చుట్టాలి. మనకున్నది ఒక్క 'వ' గనక ఆ తేడా చెవికి ఎక్కదు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషులో ఉద్యోగం వెలగబెట్టిన నాకు ఇప్పటికీ ఎదుటివాళ్ళ పెదాలు చూస్తేగాని ఏది ఏదో తెలీదు.

ఇంకో తమాషా. టికెట్టు, టేబులు అని మనం ట తో రాసుకున్న ఇంగ్లీషు శబ్దం అసలు ట కాదు. త కి నాలుక పళ్ళకి తగులుతుంది, ట కి వెనక్కి మడత పడుతుంది. ఇంగ్లీషులో ఈ రెండూ జరగవు, నాలుక పైపళ్ళ వెనక చిగుళ్ళ మీద ఆనుతుంది. మన చెవి దాన్ని ట గూట్లో వేసేసుకుంది. మా మనవడి నోట్లో ఉన్నది ఆ నడిమి శబ్దమే.

పుట్టుకతో వచ్చిన లోపమా అంటే, కాదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన పరిశోధన ఉంది. వాళ్ళు వాడినవి మన త, ట లే, హిందీ నుంచి తీసుకున్నవి. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లల్ని తల్లి ఒడిలో కూర్చోబెట్టి ఒక శబ్దాన్ని పదేపదే వినిపించేవారు. శబ్దం మారగానే పిల్ల తల తిప్పి చూస్తే పక్కనున్న బొమ్మకి దీపం వెలిగి ఆడేది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చక్కగా తల తిప్పారు. పది, పన్నెండు నెలల వాళ్ళలో చాలామంది తిప్పలేదు. చుట్టూ వినబడే భాషకి అక్కర్లేని తేడాలని మెదడు ఏడాది తిరక్కుండానే పక్కన పెట్టేస్తోందన్నమాట.

పక్కన పెట్టిన దాన్ని మళ్ళీ తెచ్చుకోవచ్చా? కంప్యూటరు భాషా బోధనకి చేసిన అసలైన మేలు ఇక్కడే ఉందని నా ఉద్దేశం. కంప్యూటరుతో పాఠాలు చెప్పడం కొత్త కాదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 'ప్లేటో' యంత్రాన్ని 1960లోనే మొదలుపెట్టింది, తర్వాత దాని మీద భాషలూ నేర్పారు. కానీ చెవికి సాధన చేయించే పనిలో చెప్పుకోదగ్గ మలుపు 1991లో వచ్చింది. జపనీయులకి ర, ల ఒకే గూట్లో పడతాయి. ఇండియానా విశ్వవిద్యాలయంలో లోగన్, లైవ్లీ, పిసోనీ అనే ముగ్గురు కొందరు జపనీయుల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి 'రాక్', 'లాక్' లాంటి జంట మాటలు వినిపించారు. విన్నది ఏదో మీట నొక్కి చెప్పాలి. తప్పయితే సరైన జవాబు చూపించి ఆ మాట మళ్ళీ వినిపిస్తారు. అంతే. వ్యాకరణం లేదు, నాలుక ఎక్కడ పెట్టాలో చెప్పడం లేదు. మూడు వారాల్లో వాళ్ళ చెవి మెరుగుపడింది.

కిటుకు గొంతుల్లో ఉంది. ఆ మాటలు పలికింది ఒకరు కాదు, ఐదుగురు. రెండేళ్ళ తర్వాత ఒక్కరి గొంతుతోనే సాధన చేయిస్తే, ఆ గొంతు వరకూ బాగానే గుర్తుపట్టారు గాని కొత్త మనిషి పలికితే తడబడ్డారు. ఆ మనిషి గొంతులో ర ఎలా ఉంటుందో నేర్చుకున్నారు, ర ని నేర్చుకోలేదు. నలుగురు నాలుగు రకాలుగా పలికితేనే మెదడు ఆ నలుగురిలోనూ మారనిదేదో ఏరుకుంటుంది. 1997లో ఆన్ బ్రాడ్లో బృందం ఇంకో సంగతి తేల్చింది. నోటికి పాఠం చెప్పకుండా చెవికి మాత్రమే సాధన చేయించినా, పలకడం కూడా కొంత బాగుపడుతుంది.

మాస్టారు ఎంత ఓపికమంతుడైనా ఒక్క జతని రోజుకి రెండువందల సార్లు ఐదు గొంతులతో పలకలేడు. మెషీను విసుక్కోదు. అయితే నేను చూసిన తెలుగు యాప్‌లలో ఎక్కువ భాగం ఏనుగు బొమ్మ పెట్టి 'ఏ' దిద్దించే దగ్గరే ఆగిపోయాయి. వినిపించేది ఒకే ఒక్క స్టూడియో గొంతు.

సరే, మనమే చూద్దామని నా లాప్‌టాప్‌లో 'ప్రాట్' తెరిచాను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఇది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మాటని బొమ్మగా చూపిస్తుంది. 'పాత' అనీ 'పాట' అనీ రికార్డు చేశాను. 'ఆ' పలికినంత సేపూ నల్లటి అడ్డ చారలు వచ్చాయి. త దగ్గర, ట దగ్గర నోరు మూతబడుతుంది గనక తెల్లటి ఖాళీ. రెండు ఖాళీలూ అచ్చం ఒకలాగే ఉన్నాయి! తేడా ఖాళీలో లేదు, దాని ముందుంది. 'పాట'లో నాలుక మడత పడుతూండగా కింద నుంచి మూడో చార కిందికి వంగింది. 'పాత'లో వంగలేదు. ట ని మనం గుర్తుపట్టేది చాలావరకు ముందున్న అచ్చు తోకలో అన్నమాట. మాట మొదట్లో ట వస్తే ఆ తోక ఉండదు. అచ్చ తెలుగులో ట తో మొదలయ్యే మాటలు, టెంకాయ లాంటివి, వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉండడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మనవడికి 'తాతయ్య'లో మొదటి అక్షరంతో కుస్తీ పట్టించడం మా తప్పే. పాత-పాట, మాత-మాట, కోత-కోట, గది-గడి, వీటితో మొదలుపెట్టాల్సింది.

'కల', 'కల్ల' కూడా పలికి చూశాను. ఇక్కడ సంగతంతా నిడివిదే. కల్లలో ల ఎంత సేపు సాగిందో బొమ్మలో పిల్లవాడికైనా కనబడుతుంది. ఒత్తులు మింగేసి 'అమ' అనే పిల్లలకి ఈ బొమ్మ పనికొస్తుంది. ట చార వంపు మాత్రం పెద్దవాళ్ళకే అంతుపట్టదు, పిల్లల జోలికి పోవద్దు.

ఇక మార్కులు వేసే యాప్‌లు. కేంబ్రిడ్జిలో సిల్కే విట్, స్టీవ్ యంగ్ 2000లో వివరించిన పద్ధతికి ఇవి వారసులు. ఏ మాట పలకాలో యంత్రానికి ముందే తెలుసు. వచ్చిన ధ్వనిని సెకనులో నూరోవంతు చొప్పున ముక్కలు చేసి, ఏ ముక్క ఏ అక్షరానిదో సర్దుకుంటుంది. తర్వాత ఒక్కొక్కదాన్నీ అడుగుతుంది: ఇది ట లా ఎంత ఉంది, ట కన్నా ఇంకో అక్షరానికి దగ్గరగా ఉందా? ఆ తేడాయే మార్కు. చిక్కల్లా 'ఎవరి ట లా' అన్న దగ్గరుంది. యంత్రం పెద్దల గొంతులే విని పెరిగితే పిల్లల సన్న గొంతుకి అన్యాయం చేస్తుంది. మా ఆవిడ ఒక యాప్‌లో 'చాప' అని శుభ్రంగా పలికితే ఎర్రరంగు చూపించింది. చాపలో, చదువులో మనం పలికేది 'చిలక' లోని చ కాదు, నాలుక పళ్ళకి ఆనించి పలికే ౘ. ఆ అక్షరం అచ్చులో కనబడడం ఎప్పుడో మానేసింది. రాతని చూసి నేర్చుకున్న యంత్రానికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

బొత్తిగా పసివాళ్ళ ముందు తెర పెడితే చాలనుకునే తల్లిదండ్రులకి ఒక మాట. సియాటిల్‌లో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకి పన్నెండు విడతలుగా చైనా వాళ్ళ మాండరిన్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని బొమ్మలతో ఆడుతూ మాట్లాడితే ఆ భాష శబ్దాలు పట్టుకున్నారు. అదే మనిషిని టీవీలో చూపిస్తే ఏమీ పట్టలేదు. ఇది 2003 నాటి మాట. 2018లో అదే ప్రయోగశాల నుంచి వచ్చిన పరిశోధనలో తాకితే ఆడే తెర ముందు ఇద్దరు పసివాళ్ళని కలిపి కూర్చోబెడితే, ఒంటరిగా కూర్చున్నవాళ్ళ కన్నా మెరుగనిపించింది. పక్కన ఇంకో ప్రాణి ఉండాలి కాబోలు.

మా అబ్బాయి రెండు రాత్రులు కూర్చుని చిన్న ఆట తయారుచేశాడు. గొంతులు మేం పంపాం: నేనూ, మా ఆవిడా, గుంటూరు నుంచి వియ్యపురాలు, శ్రీకాకుళం బావమరిది, కరీంనగర్ నుంచి మా పక్కింటి కోడలు. పాత గుడ్డ బొమ్మా, పాట పాడే పిట్ట బొమ్మా పక్కపక్కన ఉంటాయి. విని వేలు పెట్టాలి. వాళ్ళ నాన్న పక్కన కూర్చుంటేనే ఆడతాడు. మొదటి వారం గుడ్డిగా నొక్కేశాడు.

ఆరో ఆదివారం కూడా "హాయ్ టాటయ్యా" అనే వచ్చాడు. వాళ్ళ నాన్నమ్మ ఏడిపిద్దామని "ఇదుగోరా, మీ టాటయ్య కాఫీ తాగుతున్నాడు" అంది. వాడు కళ్ళు చికిలించి, "నానమ్మా, రాంగ్! నువ్వు తప్పు చెప్పావ్" అని అరిచాడు.