రాత్రి 11:35 కుర్చీ

అమెరికాలో ‘ద టునైట్ షో’ అనే టీవీ కార్యక్రమం 1954 నుంచి నడుస్తోంది. చాలా ఏళ్ళు అది రాత్రి పదకొండున్నరకు మొదలయ్యేది. 1991లో దాన్ని 11:35కి మార్చారు. షో బాగుపడుతుందని కాదు, దానికి ముందు వచ్చే స్థానిక వార్తల్లో ఇంకొన్ని ప్రకటనలు పడతాయని. ఐదు నిమిషాలే కదా, ఎవరూ గొడవ చేయలేదు. 2010 జనవరిలో అదే షోను ఇంకో అరగంట జరుపుతామన్నారు. ఈసారి యాంకర్ ఒప్పుకోలేదు. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి ఎక్కిన కుర్చీని ఏడు నెలలకే వదిలేసి వెళ్ళిపోయారు. ఆయన పేరు కోనన్ ఓబ్రయన్.

అరగంట కోసం అంత పెద్ద ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఆయన స్వభావం తెలిస్తే చాలదు. అమెరికాలో టీవీ వ్యాపారం ఎలా నడుస్తుందో కూడా కొంత తెలియాలి.

ముందు మనిషి సంగతి. కోనన్ 1963లో బోస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో చరిత్ర, సాహిత్యం చదివారు. అక్కడి విద్యార్థుల హాస్య పత్రిక ‘లాంపూన్’కు రెండుసార్లు అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 1985లో పట్టా పుచ్చుకుని తెర వెనుక రచయితగా స్థిరపడ్డారు. ‘సాటర్డే నైట్ లైవ్’కు స్కెచ్‌లు, ఆ తర్వాత ‘ద సింప్సన్స్’ అనే కార్టూన్ సీరియల్‌కు కథలు రాశారు. ఒక ఊరికి మాయగాడొకడు వచ్చి మోనోరైలు అమ్మిపోయే ఎపిసోడ్ ఆయన రాసిందే. సింప్సన్స్ అభిమానులు ఇప్పటికీ దాని గురించి చెప్పుకుంటారు. తెర మీద మాత్రం ఆయన ముఖం ఎవరికీ తెలియదు.

1992లో జానీ కార్సన్ రిటైరయ్యారు. టునైట్ షోను ముప్పై ఏళ్ళు నడిపిన మనిషి. ఆ కుర్చీ తనకే వస్తుందని డేవిడ్ లెటర్‌మన్ అనుకున్నారు. టునైట్ షో వచ్చే ఎన్‌బీసీ నెట్‌వర్క్‌లోనే పదేళ్ళుగా, ఆ షో అయిన వెంటనే ‘లేట్ నైట్’ అనే షో చేస్తున్నది ఆయనే. కానీ ఎన్‌బీసీ ఆ కుర్చీని ఇంకో హాస్యనటుడు జే లెనోకు ఇచ్చింది. లెటర్‌మన్ 1993లో పోటీ నెట్‌వర్క్ సీబీఎస్‌కు వెళ్ళి, సరిగ్గా 11:35కే ఎదురు షో పెట్టారు. ఖాళీ అయిన ‘లేట్ నైట్’ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చే పని నిర్మాత లార్న్ మైకేల్స్ మీద పడింది. ఆయన ఎంచుకున్నది ముప్పై ఏళ్ళ ఈ రచయితను.

1993 సెప్టెంబర్ 13న షో మొదలైంది. విమర్శకులు చీల్చి చెండాడారు. కొత్తవాడు, కుదురు లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదన్నారు. ఒక దశలో ఎన్‌బీసీ ఆయన కాంట్రాక్టును పదమూడు వారాల చొప్పున పొడిగించుకుంటూ వచ్చింది. నెలసరి అద్దె గదిలో ఉన్నట్టే పనిచేశారన్నమాట. మొదట్లో ఘాటుగా తిట్టిన వాషింగ్టన్ పోస్ట్ విమర్శకుడు టామ్ షేల్స్, కొన్నేళ్ళకు తన మాట వెనక్కి తీసుకుని మెచ్చుకుంటూ రాశారు. కాలేజీ కుర్రాళ్ళు అర్ధరాత్రి దాటాక మేలుకుని చూసే షో అయింది. ఎంత పిచ్చి చేష్టలంటే, ఫిన్లండ్ అధ్యక్షురాలు టార్యా హాలోనెన్ అచ్చం తనలా ఉంటుందని నెలల తరబడి జోకులు వేసి, చివరికి 2006లో ఆ దేశమే వెళ్ళి ఆమెను కలిసి వచ్చారు.

ఇంతకూ లేట్ నైట్ షో అంటే ఏమిటి? వారానికి నాలుగైదు రాత్రులు, గంట చొప్పున. మొదట నిలబడి ఆనాటి వార్తల మీద జోకులు చెబుతారు. దీన్ని మోనోలాగ్ అంటారు. తర్వాత బల్ల వెనక కూర్చుని ఒకటి రెండు హాస్య ఘట్టాలు, సోఫా మీద ఇద్దరు ముగ్గురు అతిథులు, చివర ఒక పాట. పక్కన బ్యాండు, ఆసరాగా ఒక జోడీ. సాయంత్రమే స్టూడియో ప్రేక్షకుల ముందు రికార్డు చేసి రాత్రికి ప్రసారం చేస్తారు. అతిథులు ఎవరైనా కావచ్చు, జనం అసలు చూడవచ్చేది ఆ యాంకర్‌నే. పడుకునే ముందు రోజూ ఇంటికొచ్చే మనిషి అలవాటైపోతాడు. అందుకే ఈ ఉద్యోగాలు దశాబ్దాలు నడుస్తాయి, ఆ అలవాటు చెడితే అంత రభస అవుతుంది.

ఇప్పుడు వ్యాపారం సంగతి. ఎన్‌బీసీ మన జెమినీ, ఈటీవీల్లా ఒక చోటి నుంచి అందరికీ నేరుగా వచ్చే చానల్ కాదు. దేశమంతా రెండు వందలకు పైగా స్థానిక స్టేషన్లు దాని కార్యక్రమాలు వేస్తాయి. వాటిలో చాలావాటికి యజమానులు వేరు. ఈ స్టేషన్లను అఫిలియేట్లు అంటారు. సినిమా వాళ్ళ భాషలో చెప్పాలంటే ఎన్‌బీసీ డిస్ట్రిబ్యూటర్, అఫిలియేట్లు థియేటర్ల వాళ్ళు. బొమ్మ పైనుంచి వస్తుంది, కానీ థియేటర్ వాడికి మిగిలేది క్యాంటీన్‌లో. అఫిలియేట్‌కు ఆ క్యాంటీన్ రాత్రి పదకొండు గంటల స్థానిక వార్తలు. అందులో పడే ప్రకటనల డబ్బు పూర్తిగా వాళ్ళదే.

వార్తలు ఎంతమంది చూస్తారన్నది చాలావరకు పది గంటల కార్యక్రమం మీద ఆధారపడి ఉంటుంది. టీవీ వాళ్ళు దీన్ని లీడ్-ఇన్ అంటారు. పది గంటల సీరియల్ చూస్తున్న వాళ్ళు రిమోట్ ముట్టుకోకుండా వార్తల్లోకి, వార్తల నుంచి టునైట్ షోలోకి జారుకుంటారు. పది గంటలకే జనం వేరే చానల్‌కు పోతే ఆ గొలుసంతా తెగిపోతుంది.

2004లో కోనన్ కాంట్రాక్టు గడువు దగ్గరపడింది. లెటర్‌మన్‌ను పోగొట్టుకున్న అనుభవం ఎన్‌బీసీని వెంటాడుతోంది. అందుకని ఒక విచిత్రమైన ఒప్పందం చేసుకుంది. ఐదేళ్ళ తర్వాత, అంటే 2009లో, లెనో దిగిపోతారు, కోనన్ ఎక్కుతారు. నంబర్ వన్‌గా ఉన్న మనిషికి ఐదేళ్ళ ముందే వీడ్కోలు తేదీ రాసిచ్చారు. 2009 దగ్గరపడేసరికి లెనో ఇంకా నంబర్ వన్‌గానే ఉన్నారు. ఆయన పోటీ నెట్‌వర్క్‌కు వెళితే కొంప మునుగుతుందని ఎన్‌బీసీ యాజమాన్యానికి భయం పట్టుకుంది. లెనోను ఎలాగైనా ఉంచుకోవాలని వారానికి ఐదు రోజులు రాత్రి పది గంటలకు ఆయనకే ఒక కొత్త షో ఇచ్చింది. ఆ వేళకు వేసే డ్రామా సీరియళ్ళ కంటే ఇది బాగా చవక కూడా.

బోస్టన్‌లోని అఫిలియేట్ స్టేషన్ 2009 ఏప్రిల్‌లోనే అడ్డం తిరిగింది. పది గంటలకు లెనో షో వేయం, మా వార్తలే వేసుకుంటామంది. అఫిలియేషన్ తీసేస్తామని ఎన్‌బీసీ బెదిరిస్తే తగ్గింది. కానీ ఆ స్టేషన్ భయపడిందే జరిగింది.

కోనన్ తన రచయితలతో, సిబ్బందితో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు మారారు. 2009 జూన్ 1న టునైట్ షో మొదలుపెట్టారు. సెప్టెంబర్ 14న లెనో పది గంటల షో వచ్చింది. డ్రామాలు చూసే జనం లెనోను వదిలేసి పోటీ నెట్‌వర్క్‌లకు వెళ్ళారు. దాంతో అఫిలియేట్ల వార్తలు చూసేవాళ్ళు తగ్గిపోయారు, ఆ దెబ్బ టునైట్ షోకూ తగిలింది. మొత్తం ప్రేక్షకుల లెక్కలో లెటర్‌మన్ కోనన్‌ను దాటిపోయారు. కోనన్ హాస్యం పాత టునైట్ ప్రేక్షకులకు అంతగా పట్టలేదన్నదీ నిజమే. పెద్దవాళ్ళు లెనోకు అలవాటు పడ్డవాళ్ళు. కానీ గొలుసు పైన తెగితే కింద లింకును నిందించడం న్యాయం కాదు.

స్టేషన్ల యజమానులు గట్టిగా పట్టుపట్టడంతో 2010 జనవరిలో ఎన్‌బీసీ ఓ మధ్యేమార్గం తెచ్చింది. లెనోకు మళ్ళీ 11:35, అరగంట. టునైట్ షో 12:05కు. అప్పట్లో వచ్చిన కథనాల ప్రకారం, కోనన్ కాంట్రాక్టులో టునైట్ షో ఆయనదేనని రాసి ఉంది కానీ అది ఏ వేళకు రావాలో రాసి లేదు. అంటే కాగితం ప్రకారం ఎన్‌బీసీ మాట తప్పలేదు. అంత పెద్ద ఒప్పందంలో గడియారం సంగతి రాసుకోకపోవడం వింతే. టునైట్ షో 11:35కు కాక ఇంకెప్పుడు వస్తుందని ఎవరికీ తట్టి ఉండదు.

జనవరి 12న కోనన్ ఒక ప్రకటన విడుదల చేశారు. దాన్ని భూగోళం మీది ప్రజలందరికీ సంబోధించారు. స్థానిక వార్తలు అయిన వెంటనే వచ్చే షోనే టునైట్ షో, మర్నాటి తేదీలోకి జరిగితే అది టునైట్ షో కాదు, దాన్ని పాడుచేయడంలో తన చేయి ఉండదు అన్నది సారాంశం. తన తర్వాత వచ్చే జిమ్మీ ఫాలన్ షో రాత్రి ఒంటి గంట దాటాక పడుతుందని కూడా గుర్తుచేశారు. ఆఖరి పది రోజులు షోలో ఎన్‌బీసీని ఉతికి ఆరేశారు. ఎన్‌బీసీ డబ్బు తగలేస్తున్నానంటూ బుగాటీ వేరాన్ కారుకు ఎలుక వేషం వేసి స్టేజీ మీదకు తెచ్చారు. కోట్లు ఖర్చయ్యాయని జనం నమ్మారు. కారు మ్యూజియం నుంచి అరువు తెచ్చింది.

జనవరి 22 ఆఖరి రోజు. ఎన్‌బీసీ సుమారు 4.5 కోట్ల డాలర్లు ఇచ్చి ఒప్పందం తెంచుకుందని వార్తలొచ్చాయి. అందులో దాదాపు 1.2 కోట్లు సుమారు రెండు వందల మంది సిబ్బందికి. షరతు ఏమిటంటే సెప్టెంబర్ దాకా కోనన్ టీవీలో కనపడకూడదు. ఆఖరి ఎపిసోడ్‌లో ఆయన ఎన్‌బీసీకి కృతజ్ఞతలు చెప్పి, చూస్తున్న యువకులను చేదు మనసు పెంచుకోవద్దని కోరారు. మార్చి 1న లెనో మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నారు.

అప్పటి అభిమానులు లెనోను విలన్‌ను చేశారు. నాకది సరిగా అనిపించదు. నంబర్ వన్‌గా ఉండగా దిగమంటే దిగినవాడు, రమ్మంటే వచ్చినవాడు. తప్పు, ఒకే కుర్చీని ఇద్దరికి మాటిచ్చిన వాళ్ళది. ఐదేళ్ళ తర్వాత జనం ఎవరిని చూస్తారో ముందే కాగితం మీద రాయగలమనుకున్నారు.

టీవీ మీదే కదా నిషేధం. కోనన్ ఊరూరా తిరిగి స్టేజీ షోలు చేశారు. టీవీలో నవ్వించడానికి చట్టం ఒప్పుకోదు అన్న అర్థం వచ్చేలా ఆ యాత్రకు పేరు పెట్టారు. నవంబర్‌లో టీబీఎస్ అనే కేబుల్ చానల్‌లో ‘కోనన్’ పేరుతో రాత్రి పదకొండుకు కొత్త షో మొదలైంది. ఇక్కడొక సంగతి చెప్పక తప్పదు. ఆ వేళకు అప్పటికే జార్జ్ లోపెజ్ షో వచ్చేది. కోనన్ కోసం దాన్ని అర్ధరాత్రికి జరిపారు. లోపెజ్ సంతోషంగానే ఒప్పుకున్నారు, కోనన్‌ను రమ్మని తానే అడిగారు కూడా. అయినా అర్ధరాత్రి దాకా జరగడానికి ససేమిరా అన్న మనిషి కోసం ఇంకొకరు జరిగారు. ఏడాది తిరగకుండానే, 2011 ఆగస్టులో, లోపెజ్ షో ఆగిపోయింది.

కేబుల్‌లో ప్రేక్షకులు తక్కువ. ఆ తక్కువలోనే కోనన్ పెద్ద పనులు చేశారు. 2015లో క్యూబా వెళ్ళారు. అమెరికా ఆంక్షలు మొదలయ్యాక అక్కడ షో తీసిన తొలి లేట్ నైట్ యాంకర్ ఆయనే. తర్వాత ఆర్మేనియా, దక్షిణ కొరియా, హైతీ, గ్రీన్లండ్. భాష రాని ఊళ్ళో ఆరడుగులు దాటిన ఎర్రజుట్టు మనిషి తనను తాను వెర్రివాడిని చేసుకుంటూ తిరగడమే అందులోని హాస్యం. ఎదుటివాళ్ళ పేదరికం మీద, యాస మీద నవ్వరు. ఈ రకం కార్యక్రమాల్లో అది అరుదు. ఆ ముక్కలు యూట్యూబ్‌లో తిరిగాయి, షో ఎన్ని గంటలకు వచ్చేదో తెలియని దేశాల్లో కూడా.

2018 నవంబర్‌లో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. బల్ల లేదు, బ్యాండు లేదు, ఏడు నిమిషాల్లో ముగించమనే వాళ్ళూ లేరు. 2021 జూన్ 24న టీబీఎస్ షో ముగించారు. 28 ఏళ్ళ రాత్రి కొలువు అక్కడితో అయిపోయింది. మరుసటి ఏడాది రేడియో సంస్థ సిరియస్ఎక్స్ఎం ఆయన పాడ్‌కాస్ట్ కంపెనీని కొన్నది. దాదాపు 15 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. కుర్చీ దిగినందుకు ఎన్‌బీసీ ఇచ్చిన దానికి మూడు రెట్లకు పైనే.

మన దగ్గర ఈ రోజువారీ లేట్ నైట్ సంప్రదాయం రాలేదు. మన టాక్ షోలు ఎక్కువగా వారానికొకటి. కుర్చీలో కూర్చునేది చాలాసార్లు సినిమా తార. బాలకృష్ణ ‘అన్‌స్టాపబుల్’ 2021లో ఆహా ఓటీటీలో వచ్చినప్పుడు దానికి గంటా, నిమిషమూ లేవు. స్లాట్ కోసం యుద్ధం జరిగే దశ మనకు అసలు రాకుండానే దాటిపోయిందనుకోవాలి.

అమెరికాలోనూ ఆ యుద్ధం చప్పబడింది. లెటర్‌మన్ 1993లో మొదలుపెట్టిన ‘లేట్ షో’ 2026 మేతో ముగుస్తుందని 2025 జూలైలో సీబీఎస్ ప్రకటించింది. అప్పటికి ఆ కుర్చీలో ఉన్నది స్టీఫెన్ కోల్బేర్. ఆర్థిక కారణాలని సంస్థ అంటే, రాజకీయ ఒత్తిడని చాలామంది అనుమానించారు. ఇంకొకరిని కూర్చోబెట్టే ఆలోచన లేదని, కుర్చీనే తీసేస్తున్నామని సీబీఎస్ చెప్పింది. అదే 2025లో కోనన్ ఆస్కార్ వేడుకకు వ్యాఖ్యాతగా వ్యవహరించారు, అమెరికా హాస్యరంగంలో పెద్ద గౌరవమైన మార్క్ ట్వేన్ బహుమతి అందుకున్నారు.

ఆయన పని చూడాలనిపిస్తే పాత టునైట్ షో మోనోలాగులతో మొదలుపెట్టకండి. 2009 నాటి అమెరికా వార్తలు తెలియకపోతే సగం జోకులు అర్థం కావు. ఆర్మేనియా ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. తన సహాయకురాలు సోనా మొవ్సేసియన్‌ను వెంటబెట్టుకుని ఆమె పూర్వీకుల దేశం వెళతారు. దానికి ముందస్తు పరిచయం ఏదీ అక్కర్లేదు.