ముసురులో మూడు శిఖరాలు: అపోహలు – వాస్తవాలు

పత్తి తీతలు సాగుతూ, మిరప చేలు పూత మీద ఉండే రోజుల్లోనే గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల జనం కొండల దారి పడతారు. కార్తీకం వచ్చిందంటే నరసరావుపేట దగ్గరి కోటప్పకొండకూ, యడ్లపాడు వైపున్న కొండవీడుకూ, నల్లమల అంచున భైరవకోనకూ బళ్ళ మీద బళ్ళు కదులుతాయి. కొందరు వనభోజనాలకొస్తారు, కొందరు దీపం పెట్టుకోవడానికొస్తారు. కుర్రకారైతే కోటప్పకొండ మీద బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు మూడూ పొద్దుగూకేలోగా చుట్టి రావాలని బయల్దేరతారు. రావాలి కూడా. నల్లరేగడి నేలలో పుట్టి పెరిగినవాళ్ళకు తమ ఊరి చేలను పైనుంచి చూసే భాగ్యం ఈ కొండలే ఇవ్వాలి.

చిక్కల్లా, తుఫాన్ల కాలమూ ఇదే కావడం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది కార్తీకంలోనే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిందీ కార్తీక బహుళంలోనే. బాపట్ల నుంచి గీత గీస్తే కొండవీడైనా కోటప్పకొండైనా 60 కిలోమీటర్ల లోపే. ప్రకాశం జిల్లా వానలో అక్టోబరు, నవంబరు నెలల వాటా చాలా పెద్దది. అంటే కొండ ఎక్కడానికి మనసు లాగే రోజులూ, ముసురు పట్టే రోజులూ ఒక్కటే. అలాంటి రోజున కొండ కింద వినిపించే మాటల్లో కొన్ని నిజం కావు. వాటిని నమ్మి పైకి పోయినవాళ్ళు చిక్కుల్లో పడుతుంటారు కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

అపోహ: ఇదేమన్నా హిమాలయమా? 1,500 అడుగుల కొండకు అంత ఆలోచనా?

ఎత్తు మాటకొస్తే నిజమే. కిలోమీటరు ఎత్తుకు వెళ్తే గాలి చల్లదనం సగటున ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది. ఆ లెక్కన కోటప్పకొండ కొసకూ కింది చేలకూ తేడా మూడు డిగ్రీలే. కానీ మనిషిని చలికి లొంగదీసేది ఎత్తు ఒక్కటే కాదు. తడి, గాలి, అలసట మూడూ కలిస్తే చిన్న కొండ కూడా చాలు.

1964 మార్చిలో ఇంగ్లండులోని పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఫోర్ ఇన్స్ అనే నడక పోటీ జరిగింది. అక్కడి అన్నింటికన్నా ఎత్తయిన కొండ 2,100 అడుగులకు కాస్త తక్కువే. వానలో, ఈదురుగాలిలో చిక్కుకుని ముగ్గురు యువకులు చనిపోయారు. అంతకు పదకొండేళ్ళ ముందు ఎవరెస్టు యాత్రలో శరీరధర్మ శాస్త్రవేత్తగా వెళ్ళిన గ్రిఫిత్ ప్యూ ఈ మరణాలను పరిశోధించారు. తడిసిన బట్టల్లోంచి గాలి ఒంటి వేడిని ఎంత వేగంగా లాగేస్తుందో, అలసిపోయిన శరీరం ఆ నష్టాన్ని ఎందుకు పూడ్చుకోలేదో ఆయన పరిశోధనలు తేల్చాయి. మన దగ్గర అంత చలి ఉండదు, ఆ భయం పెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే శరీరం లోపలి వేడి 37 డిగ్రీల నుంచి 35కు దిగితేనే హైపోథెర్మియా మొదలైనట్టు. అంతదాకా పోకపోయినా వణుకు పుడుతుంది, వేళ్ళు పట్టు తప్పుతాయి, అంతదాకా పోతే మాట తడబడుతుంది, ఎటు నడవాలో తేల్చుకోలేని మందకొడితనం వస్తుంది. జారే బండల మీద ఆ కాస్తా చాలు ప్రమాదానికి. పిల్లలకూ, బక్కపలచటి పెద్దవాళ్ళకూ ఇది ఇంకా తొందరగా వస్తుంది.

అపోహ: మన ఒంటికి నూలు బట్టే మంచిది, ఎండకైనా వానకైనా.

పత్తి పండించే నేలలో ఈ మాట అనడం నాకూ కష్టంగానే ఉంది. ఎండాకాలంలో నూలుకు సాటి లేదు. అది చెమట పీల్చుకుంటుంది, ఆ చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. వేసవిలో మనల్ని కాపాడే ఆ గుణమే ముసురులో ఎదురు తిరుగుతుంది. నూలు నీటిని పీల్చి వదలదు. పోగుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరతాయి. నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. తడిసిన జీన్సు ప్యాంటు అయితే మరీ అన్యాయం, బరువెక్కి మోకాళ్ళను కట్టేస్తుంది, సాయంత్రానికి కూడా ఆరదు.

దీనికి విరుగుడు ఈ నేల మీదే ఉంది. కార్తీకపు ముసురులో కొండ వాలున గొర్రెలు కాసుకునే మనిషి నెత్తిన ఏముంటుందో చూడండి. గొంగళి. గొర్రె ఉన్ని పోగులు మెలికలు తిరిగి ఉండి, తడిసినా తమ మధ్య గాలిని పట్టి ఉంచుతాయి. అందుకే గొంగళి తడిచి బరువెక్కినా ఒంటికి వెచ్చదనం ఇస్తూనే ఉంటుంది. దాన్ని గూడులా మడిచి నెత్తిన వేసుకుంటే నీళ్ళు వెనక్కి జారిపోతాయి. ప్యూ ప్రయోగశాలలో కొలిచి తేల్చిన విషయాన్ని మన గొల్లలు, కురుమలు తరతరాలుగా భుజాన మోస్తున్నారు. పట్నం నుంచి వచ్చే పిల్లలు గొంగళి మోయక్కర్లేదు. త్వరగా ఆరే పాలిస్టర్ చొక్కా, పైన గాలి చొరబడని రెయిన్‌కోటు, సంచిలో పాలిథీన్ కవర్లో చుట్టిన ఒక పొడి బట్టల జత, వీలైతే ఉన్ని స్వెట్టరు ఉంటే చాలు. మిర్చి కల్లం మీద కప్పే పరదా పట్టా ముక్క ఒకటి ఉంటే నలుగురు దాని కింద కూర్చోవచ్చు.

అపోహ: చలేస్తే ఒక గుక్క మందు వేసుకుంటే వెచ్చబడుతుంది.

వెచ్చబడినట్టు అనిపిస్తుంది, అంతే. మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, లోపలి వేడి బయటికొచ్చి గాలిలో కలిసిపోతుంది. పైగా తూలు. వేడి టీ, బెల్లం, పల్లీ ఉండలు నిజంగా పనికొస్తాయి.

అపోహ: ఉరుమితే చెట్టు కిందికో, మండపంలోకో పోతే సరి.

అన్నిటికన్నా ప్రాణాంతకమైన నమ్మకం ఇదే. దేశంలో పిడుగుల వల్ల ఏటా రెండున్నర వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. వీరిలో ఎక్కువమంది పొలాల్లో, ఆరుబయట ఉన్నవాళ్ళే. తుఫాను ముసురులో ఉరుములు తక్కువ కావచ్చు. కానీ అక్టోబరులో నైరుతి వెనుదిరిగే రోజుల్లో మధ్యాహ్నం దాటాక లేచే మబ్బులు వేరు. పొద్దున ఆకాశం తేటగా ఉందని బయల్దేరితే, మూడు గంటలకు శిఖరం మీద ఉరుము వినిపిస్తుంది.

పిడుగు ఎత్తయినదాన్నీ, ఒంటరిగా నిలబడ్డదాన్నీ ఎంచుకుంటుంది. కొండ కొసన ఉన్న చెట్టు ఆ రెండూ అవుతుంది. చెట్టు మీద పడ్డ పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, వేళ్ళ వెంట నేలలోకీ పాకుతుంది. ఒక్క పిడుగుకు గొర్రెల మంద మందంతా పడిపోవడానికి ఆ పాకుడే కారణం. వనభోజనానికి ఉసిరి చెట్టు నీడ పవిత్రమే, ఉరుము వినిపించిన క్షణాన మాత్రం అక్కడినుంచి లేవాలి. నాలుగు స్తంభాల మీద నిలిచిన తెరిచిన మండపం వాన ఆపుతుంది కానీ పిడుగును ఆపదు. నాలుగు గోడలున్న భవనం, లేదా పైకప్పు ఉండి తలుపులు మూసిన కారో బస్సో అయితే భద్రం. ఆటో కాదు, బైకు అసలు కాదు. రబ్బరు చెప్పులు కాపాడవు, అంత దూరం గాలిని చీల్చుకొచ్చిన పిడుగుకు అర అంగుళం రబ్బరు అడ్డం కాదు. సెల్‌ఫోన్ పిడుగును పిలుస్తుందన్నదీ నిజం కాదు.

మెరుపుకూ ఉరుముకూ మధ్య క్షణాలు లెక్కపెట్టండి. మూడు క్షణాలకు ఒక కిలోమీటరు. లెక్క ముప్పైకి చేరకముందే ఉరుము వినిపిస్తే పిడుగు మీకు అందే దూరంలో ఉంది, శిఖరం దిగిపోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి ఎక్కకూడదు. ఉరిమినప్పుడు అర్జునుడి పది పేర్లు తలచుకోమని మన అమ్మమ్మలు నేర్పారు. బెదిరిన పిల్లల గుండె కుదుటపడటానికి అది చాలా మంచి మందు. ఆ పేర్లు చెప్పుకుంటూనే కాళ్ళు కిందికి నడవాలి.

ఇంకొక మాట. పిడుగు తగిలినవాళ్ళను ముట్టుకుంటే షాకు కొడుతుందని దూరంగా నిలబడిపోతారు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. గుండె ఆగినవాళ్ళకు వెంటనే ఛాతీ నొక్కుతూ 108కి ఫోన్ చేస్తే బతికే అవకాశం ఉంది. పుణె ఉష్ణదేశ వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ దగ్గర్లోని పిడుగుల సంగతి చూపిస్తుంది, కొండెక్కే ముందే ఫోన్లో వేసుకోండి.

అపోహ: హెచ్చరిక పసుపు రంగే కదా, ఏమీ కాదు.

వాతావరణ శాఖ రంగులు జిల్లా మొత్తానికి ఇచ్చేవి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే వెంటనే కదలమని. భారీ వర్షం అన్న మాటకు వాళ్ళ లెక్కలో అర్థం 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు పైన. పత్తి తీసే కూలీలు ఆ రోజు చేలోకి దిగరు. ఇంట్లో ఉన్నవాడికి పసుపు పసుపే, కొండ నడినెత్తిన తలదాచుకునే చోటు లేనివాడికి అదే నారింజ. నారింజ, ఎరుపు రోజుల్లో కొండ మాటే వద్దు. తుఫాను తీరం దాటిందని వార్త రాగానే గండం గడిచిందనుకోవడమూ పొరపాటే, అది బలహీనపడుతూ లోపలికి నడుస్తూ కురిసే వానే చాలాసార్లు చేలను ముంచేది.

అపోహ: ఎక్కడమే కష్టం, దిగడం ఎంతసేపు?

దిగేటప్పుడే ఎక్కువమంది జారతారు. అలసిన తొడలు ఒంటి బరువును నిలవరించలేవు, నాచు పట్టిన బండ తడిస్తే చెప్పు నిలవదు. నవంబరు నడుమ మన వైపు అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది, మే నెలకన్నా సుమారు గంట ముందే. మబ్బు రోజున అయిదింటికే మసక. కాబట్టి మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకుని బయల్దేరాలి. టార్చి ఒకటి ఉండాలి, ఫోను వెలుగు కాదు. సిగ్నల్ లేకపోతే ఫోన్ పనికిరాదన్నది కూడా తప్పే. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, ముందే దించుకున్న మ్యాపు ఉంటే దారి చూపిస్తుంది. మీ సిమ్ కంపెనీ సిగ్నల్ లేకపోయినా 112 నంబరు అందే వేరే టవరును వాడుకుంటుంది.

అపోహ: మొదలుపెట్టాక మూడు శిఖరాలూ ఎక్కాల్సిందే, లేకపోతే పుణ్యం సగమే.

కోటప్పకొండ కథ తెలిసినవాళ్ళు ఈ మాట అనకూడదు. రుద్ర శిఖరం మీది స్వామిని రోజూ సేవించిన గొల్లభామ ఆనందవల్లి, గర్భవతి అయ్యాక అంత ఎత్తు ఎక్కలేనని మొరపెట్టుకుంది. స్వామి ఎక్కి తీరమనలేదు, తానే ఆమె వెనక కిందికి నడిచాడు. ఆమె వెనుదిరిగి చూసిన చోట, బ్రహ్మ శిఖరం మీద నిలిచిపోయాడు. ఈనాటి గుడి ఉన్నది అక్కడే, సుమారు 600 అడుగుల ఎత్తున. మెట్లున్నాయి, ఘాట్ రోడ్డుంది. వాతావరణం బాగోలేని రోజున అక్కడ ఆగి దణ్ణం పెట్టుకుని దిగినవాడికి తక్కువైందేమీ లేదు.

అపోహ: పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టి, గాటు పెట్టి రక్తం తీయాలి.

ఆ రెండు పనులూ కాలును పోగొట్టేవే. వాన పడ్డాక బండల సందుల్లోంచి, చేల గట్ల మీదికి రక్తపింజరలు, కట్లపాములు వస్తాయి. కరిచిన కాలును కదపకుండా, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు ఇంజెక్షను ఒక్కటే మందు. పసరు కోసం తిరిగిన గంట తిరిగి రాదు.

అపోహ: కొండ దిగేశాం, ఇక ఇంటికి చేరినట్టే.

కొండ పాదం దగ్గర నల్లరేగడి మొదలవుతుంది. ఎండలో నెర్రెలు విచ్చే ఈ నేల, నాలుగు రోజులు నాని ఉబ్బాక నెర్రెలు పూడుకుపోయి నీటిని లోపలికి ఇంకనివ్వదు. వాలున పడ్డ వానంతా ఒక్కసారిగా వాగులోకి దూకుతుంది. ఓగేరు, కుప్పగంజి వాగుల దరి పల్లెలకు ఇది ఎరుకే. పైన కొండల్లో కురిసింది కింద వాన వెలిసిన గంటకో రెండు గంటలకో వస్తుంది, అందుకే ఆకాశం తేటపడ్డాక వాగు పెరగడం వింత కాదు. భైరవకోన లాంటి చోట జలపాతం కింద స్నానం చేస్తుండగా నీటి రంగు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి. మోకాలి లోతు పారే నీరు మనిషిని పడగొడుతుంది, రెండడుగుల నీరు కారును తేల్చి ఈడ్చుకుపోతుంది. చప్టా మీద నీళ్ళు పారుతుంటే అవతలి గట్టున ఇల్లు కనిపిస్తున్నా దాటకండి. ఇవతలి ఊళ్ళో, గుడి వరండాలోనో బడి వరండాలోనో ఆ రాత్రి గడిపి, నీరు తీసి చప్టా అంచు రాళ్ళు కనిపించాక పొద్దున బయల్దేరండి.