పట్టాలకు పళ్లు మొలిచిన కథ

మెట్టుపాళయంలో ఉదయం బయలుదేరిన ఊటీ బండి మొదటి ఏడెనిమిది కిలోమీటర్లూ వక్కతోటల మధ్య మామూలు రైలులాగే పోతుంది. కల్లార్ దగ్గర వేగం బాగా తగ్గించి మనిషి నడకకు దిగుతుంది. పెట్టెల్లో ఉన్నవాళ్లు ఎదురుగా నిటారుగా లేచిన నీలగిరుల్ని ఫోన్లలో పట్టుకునే హడావిడిలో ఉంటారు. సరిగ్గా అదే సమయంలో అసలు విశేషం వాళ్ల కాళ్ల కింద జరుగుతుంటుంది. రెండు పట్టాల నడుమ, వాటికన్నా కాస్త ఎత్తులో, పళ్లు కోసిన ఉక్కు బద్దీలు రెండు మొదలవుతాయి. వాటి మొదటి ముక్కను స్ప్రింగుల మీద నిలబెట్టారు. పెట్టెలన్నీ దాటాక, వెనకనుంచి నెట్టుకొస్తున్న ఇంజిన్ వంతు వస్తుంది. దాని పొట్ట కింది పళ్లచక్రం ఆ ముక్క మీద ఆనుతుంది. పన్ను మీద పన్ను పడితే ముక్క కిందికి ఒదిగి మళ్లీ లేస్తుంది. చక్రం పన్ను సందు దొరికి అందులోకి దిగేదాకా ఇదే వరస. ఒక చిన్న కుదుపు, గరగరమనే చప్పుడు, అంతే. అక్కడి నుంచి కూనూరు దాకా సుమారు 20 కిలోమీటర్ల దారిలో బండి దాదాపు 1,300 మీటర్లు పైకెక్కుతుంది.

స్విట్జర్లాండ్‌లో రిగి, పిలాటుస్, యుంగ్‌ఫ్రౌ కొండల మీదికి పోయే రైళ్లు, అద్దాల పైకప్పుతో అతిథుల్ని తిప్పే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ రైలు, అన్నింటి అడుగునా ఈ పన్నే ఉంది. వాటి ప్రచార పుస్తకాలు కిటికీల వెడల్పు గురించి, వడ్డించే వంటకాల గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. ఈ పన్ను గురించి ఒక పేరా కూడా దొరకడం కష్టం.

ఇనుప చక్రానికీ ఇనుప పట్టాకూ మధ్య రాపిడి చాలా తక్కువ. రైలు బలం అదే, బలహీనతా అదే. చదును నేల మీద ఒక టన్ను బరువును కదిలించడానికి కొద్ది కిలోల బలం సరిపోతుంది. పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు లేచే వాలు మీద మాత్రం ప్రతి టన్నుకూ సుమారు 83 కిలోల బలం పెట్టాలి. నీలగిరి దారిలో వాలు దాదాపు అంతే. 50 టన్నుల ఇంజిన్ ఒకటి ఉందనుకుందాం. పొడి పట్టా మీద దాని చక్రాలు జారకుండా ఇంజిన్ బరువులో ఐదో వంతు, అంటే 10 టన్నుల బలం చూపించగలవనుకుందాం. అందులో నాలుగు టన్నుల పైచిలుకు తనను తాను మోసుకోవడానికే పోతుంది. మిగిలిన దాంతో 70 టన్నుల పెట్టెల్ని నెట్టవచ్చు. ఫరవాలేదే అనిపిస్తుంది. ఇప్పుడు వాన కురిసిందనుకోండి, పట్టాల మీద ఆకులు రాలి నలిగాయనుకోండి. పట్టు సగానికి పడిపోయి 5 టన్నులే మిగులుతుంది. సొంత బరువుకు నాలుగు పోగా ఉన్నది ఒక టన్ను కన్నా తక్కువ. దాంతో ఒక్క పెట్టెను నెట్టడమే గగనం. ఎక్కేటప్పుడు ఇలా జరిగితే బండి ఆగిపోతుంది. దిగేటప్పుడు జరిగితే ఆగదు. పళ్లపట్టా చరిత్ర చదివిన కొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఇదే: కొండ ఎక్కడం చిన్న సమస్య, దిగడం పెద్ద సమస్య. ఈ పళ్లను పుట్టించినవాళ్లు మొదట పైకి ఎక్కడం గురించే ఆలోచించారు, నిలబెట్టినవాళ్లు కిందికి దిగడం గురించి ఆలోచించారు.

ఈ యంత్రం పుట్టింది బొగ్గు గనుల దగ్గర. ఇంగ్లండ్‌లో లీడ్స్ ఊరికి పక్కనే మిడిల్టన్ గనులున్నాయి. నెపోలియన్ యుద్ధాల రోజుల్లో గుర్రాల దాణా ధరలు మండిపోవడంతో బొగ్గు బళ్లను లాగడానికి మరో దారి వెతుక్కోవలసి వచ్చింది. అప్పటి పోత ఇనుప పట్టాలు పెళుసు. బరువైన ఇంజిన్ ఎక్కితే విరిగిపోతాయి. తేలికైన ఇంజిన్ పెడితే చక్రాలు జారతాయి. గనుల నిర్వాహకుడు జాన్ బ్లెంకిన్‌సాప్ ఒక పట్టా పక్కకు పళ్లు పోతపోయించి, వాటిలో ఇరుక్కుని తిరిగే చక్రాన్ని ఇంజిన్‌కు తగిలించే పద్ధతికి 1811లో పేటెంటు తీసుకున్నాడు. మాథ్యూ మర్రే ఇంజిన్ కట్టిపెట్టాడు. దానికి సలమాంకా అని పేరు పెట్టి 1812లో నడిపారు. వ్యాపారపరంగా గిట్టుబాటైన తొలి ఆవిరి రైలింజిన్ ఇదే.

కానీ ఒకటి రెండేళ్లు తిరక్కుండానే విలియం హెడ్లీ అనే మరో గని ఇంజినీరు చిన్న చిన్న వాలుల మీద నున్నటి చక్రాలే చాలునని చూపించేశాడు. పట్టాలు గట్టిపడ్డాయి, ఇంజిన్లు బరువెక్కాయి. పళ్లతో అవసరం తీరిపోయింది. మంచి ఆలోచనే, తనకు తగని చోట పుట్టింది. అది కొండ చేరడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

కొండ చేర్చినవాడు సిల్వెస్టర్ మార్ష్. షికాగోలో మాంసం వ్యాపారంలో సంపాదించి స్వరాష్ట్రం న్యూ హాంప్‌షైర్‌కు తిరిగొచ్చాడు. 1857లో మౌంట్ వాషింగ్టన్ ఎక్కుతూ తుపానులో చిక్కుకున్నాడు. ఆ కొండ 1,917 మీటర్లే అయినా అక్కడి గాలుల తీవ్రత పేరుమోసింది. ఇలాంటి చోటికి జనం క్షేమంగా వెళ్లిరావాలంటే రైలు వేయాలని నిశ్చయించుకుని మరుసటి ఏడు శాసనసభ అనుమతి కోరాడు. సభ్యులు నవ్వారు. కావాలంటే చంద్రుడి దాకా వేసుకోమని ఎగతాళి చేస్తూనే అనుమతి ఇచ్చారు. నడుమ అంతర్యుద్ధం వచ్చిపడింది. చివరికి 1869 జూలై 3న బండి శిఖరం చేరింది. రెండు ఇనుప కోణాల మధ్య గుండ్రటి కడ్డీలు బిగించి, నేల మీద పరిచిన నిచ్చెనలాంటి పట్టా అది. ఒకచోట వాలు వంద అడుగులకు 37 అడుగులు. బాయిలర్ నిటారుగా ఉండి సాసు సీసాలా కనిపించడంతో తొలి ఇంజిన్‌కు జనం పెప్పర్‌సాస్ అని పేరు పెట్టారు.

అక్కడి పనివాళ్లు సాయంత్రం కొండ దిగడానికి వాడిన సాధనం గురించి చెప్పకుండా ఉండలేను. మధ్య పట్టాకు అతికేలా చేసిన చిన్న చెక్కపలక, దానికి రెండు పక్కలా చేతి బ్రేకులు. దాని మీద కూర్చుని మూడు మైళ్ల దారిని మూడు నిమిషాల లోపే జారి దిగినవాళ్లున్నారట. ప్రాణాలు పోయాక దాన్ని మాన్పించారు. అరవయ్యేళ్ల పండుగ కోసం 1929లో ముసలి పెప్పర్‌సాస్‌ను బయటికి తీసి నడిపారు. పైకి బాగానే ఎక్కింది. దిగుతుండగా పళ్లచక్రం పట్టు తప్పింది. ఇంజిన్ అదుపు తప్పి కిందికి దూసుకుపోయింది. చాలామంది దూకి బయటపడ్డారు. దాని మీదున్న ఫొటోగ్రాఫర్ ఒకాయన చనిపోయాడు.

ఈ దిగుడు గండాన్ని శ్రద్ధగా పట్టించుకున్న ఇంజినీరు నిక్లౌస్ రిగెన్‌బాఖ్. స్విట్జర్లాండ్‌లోని ఓల్టెన్ రైల్వే వర్క్‌షాపు పెద్ద. మార్ష్ పనితో సంబంధం లేకుండానే 1863లో ఫ్రాన్సులో నిచ్చెన పట్టాకు పేటెంటు తీసుకున్నాడు. ఎవరూ ఆసక్తి చూపలేదు. అమెరికాలోని స్విస్ కాన్సల్ ద్వారా మౌంట్ వాషింగ్టన్ సంగతి తెలిసింది. అప్పటిదాకా ధనవంతులు డోలీల మీద, గుర్రాల మీద ఎక్కే రిగి కొండకు, లూసెర్న్ సరస్సు ఒడ్డున ఉన్న విట్స్‌నౌ నుంచి లైను వేశాడు. 1871 మే 21న, ఆయన 54వ పుట్టినరోజున, యూరపులో తొలి కొండరైలు కదిలింది.

నా లెక్కలో ఆయన గొప్పతనం పట్టాలో కన్నా బ్రేకులో ఉంది. దిగేటప్పుడు సిలిండర్లకు ఆవిరి కట్టేస్తారు. చక్రాలు తిరుగుతున్నంతసేపూ పిస్టన్లు మాత్రం ఆడుతూనే ఉంటాయి. అప్పుడు సిలిండర్లలోకి బయటి గాలిని రానిచ్చి, పోయే దారిని బిగిస్తే ఇంజిన్ కాస్తా గాలిని కుక్కే పంపుగా మారిపోతుంది. గాలిని నొక్కడానికి బలం కావాలి. ఆ బలం దిగుతున్న బండి బరువు నుంచే వస్తుంది. ఎంత గాలిని బయటికి వదలాలో డ్రైవరు ఒక వాల్వుతో సవరిస్తుంటే బండి వేగం ఆ వాల్వు చెప్పినట్టు వింటుంది. నొక్కుడుపడిన గాలి విపరీతంగా వేడెక్కుతుంది కాబట్టి సిలిండర్లలోకి నీళ్లు చిమ్ముతారు. అవి ఆవిరై, వేడిని మోసుకుని బయటికి పోతాయి. బ్రేకు దిమ్మెలు అరగవు, కాలవు. ఎత్తైన కొండ దిగిన బండి శక్తి అంతా అలా గాలిలో కలిసిపోతుంది.

నిచ్చెన పట్టాకు ఒక లోపముంది. మలుపుల్లో దాన్ని వంచడం కష్టం, ఏ మలుపుకు తగ్గ ముక్క దానికి విడిగా చేయించాలి. రిగెన్‌బాఖ్ దగ్గర పనిచేసిన రోమన్ ఆబ్ట్ నిచ్చెననే తీసేశాడు. 1882లో పేటెంటు పొందిన ఆయన పద్ధతిలో పళ్లు కోసిన పలుచటి ఉక్కు బద్దీలు రెండో మూడో పక్కపక్కన నిలబెడతారు. ఒకదాని పన్ను ఎదురుగా రెండోదాని సందు ఉండేలా జరిపి బిగిస్తారు. నడిచే మనిషి ఒక కాలు ఎత్తేసరికి రెండోది నేల మీద ఉన్నట్టే, ఒక బద్దీలో పన్ను విడిచేసరికి పక్కదానిలో మరో పన్ను పట్టుకునే ఉంటుంది. బద్దీలు వంగుతాయి గనుక మలుపులు సులువు, కుదుపూ తక్కువ. జర్మనీలోని హార్జ్ కొండల్లో 1885లో మొదలై ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. కల్లార్‌లో మనకు కనిపించేవి ఆబ్ట్ బద్దీలే.

నీలగిరులకు రైలు వేయాలన్న మాట 1854 నుంచే ఉంది. రిగెన్‌బాఖ్ కూడా 1880ల మొదట్లో వచ్చి లెక్కలు కట్టి ఇచ్చాడు. డబ్బు సమకూరలేదు. మద్రాసు ప్రభుత్వానికి ఊటీ వేసవి రాజధాని. మన సర్కారు జిల్లాల ఫైళ్లు కూడా ఎండాకాలంలో ఆ కొండ మీదికి పోవలసిందే, అయినా ఘాట్ రోడ్డు బళ్లే గతి. 1899 జూన్‌లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా లైను తెరిచారు. మొత్తం 46 కిలోమీటర్లలో 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ లైను ఎక్స్ తరగతి ఇంజిన్‌ను పక్కనుంచి చూసి తీరాలి. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్ కర్మాగారం 1914 నుంచి కట్టి పంపినవి ఇవి. ఒక్కో పక్కన పైనొకటి, కిందొకటి చొప్పున మొత్తం నాలుగు సిలిండర్లు. చదును నేల మీద కింది జత ఒక్కటే మామూలు చక్రాల్ని తిప్పుతుంది. పళ్లపట్టా ఎక్కగానే, కింది సిలిండర్లలో ఒకసారి పనిచేసిన ఆవిరిని పారేయకుండా పై సిలిండర్లలోకి మళ్లిస్తారు. అది వ్యాకోచిస్తూ పళ్లచక్రాల్ని తిప్పుతుంది. కిందనున్న కడ్డీలు నింపాదిగా, పైనున్నవి వాటికన్నా వడివడిగా ఆడుతుంటాయి. ఒకే ఇంజిన్‌లో రెండు లయలు ఒకేసారి వినిపిస్తాయి.

ఇంజిన్ ఎప్పుడూ పల్లం వైపే ఉంటుంది. ఎక్కేటప్పుడు నెడుతుంది, దిగేటప్పుడు ముందు నిలిచి ఆపుకొస్తుంది. గొలుసు తెగినా పెట్టెలు ఇంజిన్ మీదే ఆనుతాయి. ఎక్కేటప్పుడు ముందు దారి డ్రైవరుకు కనిపించదు కాబట్టి, మొదటి పెట్టె అరుగు మీద నిలబడిన బ్రేక్స్‌మన్ ఎర్రజెండా, పచ్చజెండాలతో సైగ చేస్తాడు. మిగతా పెట్టెల్లోనూ ఒక్కొక్కరు బ్రేకు దగ్గర నిలబడి ఆ సైగను అందుకుంటారు. లోపల టీ తాగుతూ లోయలు చూసేవాళ్ల నిశ్చింత అంతా ఈ నిలబడిన మనుషుల పుణ్యమే. కూనూరు నుంచి పళ్లు లేవు, వాలు తగ్గుతుంది, డీజిల్ ఇంజిన్ అందుకుంటుంది. ‘వసంత కోకిల’ సినిమా చివరి ఘట్టం తీసిన కేత్తి స్టేషను ఈ పై భాగంలోనిదే.

తరవాతి సంతతి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పిలాటుస్‌లో 1889లో వాలు 48 శాతానికి చేరితే, చక్రం పట్టు వదిలి పైకి లేవకుండా ఎడ్వర్డ్ లోఖర్ పళ్లను రెండు పక్కలకూ తిప్పాడు. ప్రపంచంలో అంత నిటారైన పళ్ల రైలు ఇప్పటికీ మరొకటి లేదు. యుంగ్‌ఫ్రౌ రైలు 1912లో కరెంటుతో 3,454 మీటర్లకెక్కింది. విద్యుత్ మోటార్లు వచ్చాక పళ్లు లేకుండానే ఎక్కే హద్దు పెరిగింది. బెర్నీనా ఎక్స్‌ప్రెస్ 7 శాతం వాలును నున్నటి చక్రాలతోనే ఎక్కుతుంది.

మన అరకు దారిలోనూ పళ్లు లేవు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖకు చేరాలని వేసిన కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలు తొలిచి, కొండల్ని చుట్టుకుంటూ వాలును అరవైకి ఒకటి దగ్గర ఆపారు. 2017లో దానికి అద్దాల పెట్టె వచ్చాక బొర్రా, అరకు చూడటానికి జనం విరగబడుతున్నారు. ఆ కిటికీలోంచి ఎదురొచ్చే ఖనిజం బండిని కూడా ఒకసారి చూడండి. వేల టన్నులు నింపుకుని ఘాట్ దిగే ఆ బండిని పట్టి ఉంచడంలో ఇంజిన్ మోటార్లకు పెద్ద వంతుంది. అవి అప్పుడు జనరేటర్లుగా మారి, దిగే బరువును కరెంటుగా మారుస్తుంటాయి. రిగెన్‌బాఖ్ గాలితో చేసిన పనే ఇది.

వింటర్‌టూర్ కర్మాగారం 1990లలో కూడా కొండరైళ్ల కోసం చమురుతో నడిచే కొత్త ఆవిరి ఇంజిన్లు కట్టింది. ఇప్పుడా సంస్థ లేదు. అది చేసిన పని మాత్రం తిరుచిరాపల్లిలోని పొన్‌మలై వర్క్‌షాపు చేతికొచ్చింది. 2010 తరవాత అక్కడ మన పనివాళ్లే ఎక్స్ తరగతి ఇంజిన్లు కొత్తవి కట్టారు. మొదట చమురుతో నడిచేవి, 2021లో మళ్లీ పాత పద్ధతిలో బొగ్గు మండించేది. నాలుగు సిలిండర్లు, రెండు లయలు, పళ్లచక్రాలు, గాలి బ్రేకు అన్నీ తు.చ. తప్పకుండా ఉన్నాయి.