గర్భాలయ దీపము – కంటి కొలత



గడచిన కార్తికమాసమున ఒక గ్రామాలయమునకు ప్రవచనార్థము వెళ్లియుంటిమి. మధ్యాహ్న నివేదన ముగిసి హారతి ఇచ్చు వేళ, అంతసేపు ఎండలో వరుసలో నిలిచి లోనికి వచ్చిన ఒక వృద్ధురాలు గడప తగిలి పడినది. ఎముకలు విరుగలేదు గాని మోకాలు చిట్లి రక్తము వచ్చినది. లేవదీసిన వారితో ఆమె దెబ్బ మాట ఎత్తలేదు. "నాయనా, లోపలంతా చీకటి. స్వామి కనబడనే లేదు" అని కన్నీరు పెట్టుకొన్నది. వెనుకనుండి జనము త్రోయుచున్నందున ఆమెను ప్రక్క ద్వారమునుండి వెలుపలికి తీసికొనిపోయిరి.

ఆ సాయంకాలమే ధర్మకర్తలు కూడిరి. ఒక దాత రెండు పెద్ద ఫోకసు లైట్లు ఇచ్చెదనని ఏడాదిగా చెప్పుచున్నాడట. వానిని గర్భాలయములో బిగించుదుమని కొందరు, కూడదని అర్చకస్వామి. మాటలు పెరిగి, చివరకు మమ్ములను అడిగిరి. గర్భాలయ దీపవిధిని గూర్చి ఆగమపండితులు చెప్పవలెను; మేము చదివినది వేదము, కొంత తర్కము. అయినను కన్ను వెలుగును ఎట్లు గ్రహించునో తెలిసికొనకుండ లైట్ల సంగతి తేల్చరాదని మాత్రము చెప్పితిమి. ఆనాటి మాటలనే కొంత పెంచి ఇచ్చట వ్రాయుచున్నాము.

ఒక్క విషయము గమనింపుడు. ఆమెకు ఏమియు కనబడని ఆ క్షణముననే, అదే దీపపు వెలుగులో అర్చకస్వామి స్వామి మెడలోని హారపు ముడిని సరిచేయుచున్నారు. దీపము ఒక్కటే, ఒకరికి సూది మొన కనబడుచున్నది, ఒకరికి మూలవిరాట్టే కనబడుట లేదు. కావున లోపము దీపములో లేదు. ఆమె కన్ను ఎక్కడనుండి వచ్చినదో అక్కడ ఉన్నది.

వెలుగు ఒక తలముపై ఎంత పడుచున్నదో చెప్పుటకు 'లక్సు' అని ఒక కొలత గలదు. ఒక కొవ్వొత్తికి మీటరు దూరమున పెట్టిన కాగితముపై పడు వెలుగు ఇంచుమించు ఒక లక్సు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు. పున్నమి వెన్నెల లక్సులో నాలుగవ వంతైనను మించదు. అనగా ప్రాకారములోని ఎండనుండి నూనెదీపపు గర్భాలయమునకు నడచినవారు ఇరువది అడుగులలో వేల రెట్ల మార్పును దాటుచున్నారు. కాళ్లు అంత త్వరగా దాటగలవు. కన్ను దాటలేదు.

చీకటిలో కంటిపాప విచ్చుకొనునని అందరు ఎరుగుదురు. అది రెండు మిల్లీమీటర్లనుండి ఎనిమిది మిల్లీమీటర్ల వరకు విచ్చుకొనగలదు. లెక్క వేసిన లోనికి వచ్చు వెలుగు పదునారు రెట్లు పెరిగినట్లు. వేల రెట్ల మార్పునకు ఇది ఏ మూలకు? మిగిలిన పని కంటి వెనుకనున్న నేత్రపటలము చేయవలెను. అందు శంకుకణములని సుమారు 60 లక్షలు, దండకణములని సుమారు 12 కోట్లు గలవు. శంకుకణములు పగటికి, రంగులకు. దండకణములు మసక వెలుగునకు. ఎండలో దండకణములలోని వర్ణద్రవ్యము వెలిసిపోవును. నీడకు వచ్చిన తరువాత అది మరల కూడుకొనవలెను. శంకుకణములు పది నిమిషములలో తేరుకొనును. దండకణములు పూర్తిగా తేరుకొనుటకు అరగంటకు పైగా పట్టును. ఆ ద్రవ్యమునకు ఏ విటమిను మూలము; అది కొరవడినవారికి వచ్చునదే రేచీకటి.

తెల్లవారుజామున పూలు కోయువారికి ఈ రెండు కణముల సంగతి పేర్లు తెలియకుండనే తెలిసియుండును. పగలు కంటిలో పడు ఎఱ్ఱని మందారము ఆ వేళ నల్లగా ఉండును. ఆకులే దానికంటె తేటగా కనబడును. దండకణములకు ఎఱుపు అందదు. దీనిని 19వ శతాబ్ది ఆరంభమున బొహీమియా దేశపు వైద్యశాస్త్రవేత్త పుర్కిన్యే గుర్తించి వ్రాసెను.

మన దర్శనములు ఈ విషయమును వదలలేదు. ఉన్న వస్తువు ఎందుచేత కనబడదు అను ప్రశ్నకు ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలు ఎనిమిది కారణములను లెక్కించినవి: అతిదూరము, అతిసామీప్యము, ఇంద్రియలోపము, మనస్సు నిలువకపోవుట, సూక్ష్మత, అడ్డు ఉండుట, అభిభవము, సమానములతో కలిసిపోవుట. వీనిలో 'అభిభవము' మన ప్రకరణమునకు ముఖ్యము. పగటివేళ నక్షత్రములు ఆకసముననే ఉన్నను సూర్యతేజస్సు వానిని అణచివేయును గాన కనబడవు. న్యాయసూత్రములలోను మధ్యాహ్నపు ఉల్క దృష్టాంతముగా వచ్చును. అయితే ఒకటి దాచరాదు. కంటినుండి కిరణములు వెడలి వస్తువును తాకునని నైయాయికులు చెప్పిరి; మా గురువుగారు మాకు అట్లే పాఠము చెప్పిరి. వెలుగే వస్తువునుండి కంటికి వచ్చునని 11వ శతాబ్దిలో ఇబ్న్ అల్ హైతమ్ విపులముగా నిరూపించెను. ఇందు మా శాస్త్రము నిలువదు. అభిభవపు మాట మాత్రము చక్కగా నిలుచును.

మేము గురుకులమున ఉన్న దినములలో రాత్రివేళ ఒక ఆముదపు దీపము చుట్టు ఆరుగురము కూర్చుండి తర్కసంగ్రహము వల్లించితిమి. ఆ వెలుగు చాలదని ఏనాడును తోచలేదు. ఒక వేసవిలో ఆ ఇంటికి కరెంటు వచ్చి, వసారాలో నలువది వాట్ల బల్బు వ్రేలాడినది. నాలుగు దినములు గడిచి, గాలివానకు కరెంటు పోయిన రాత్రి మరల ఆ దీపమునే వెలిగించితిమి. మాలో ఒకడు "వత్తి పెంచరా, మిణుకుమిణుకుమనుచున్నది" అనెను. వత్తి అంతే, ఆముదము అంతే. గురువుగారు నవ్వి ఊరకుండిరి.

కన్ను వెలుగును తూకపు రాళ్లతో తూచదు. చుట్టునున్నదానితో, కొంచెము ముందు చూచినదానితో పోల్చి చెప్పును. ఇరువది దీపములున్న చోట ఇంకొకటి వెలిగించిన, తేడా అతికష్టముపై తెలియును. ఒక్క దీపమున్న గదిలో రెండవది వెలిగించిన గది మారిపోయినట్లుండును. చేర్చినది రెండు చోట్లను ఒక్క దీపమే. ఇట్టి పోలికలలో భేదము కాక నిష్పత్తియే లెక్కకు వచ్చునని జర్మనీ దేశపు వెబర్ బరువులపై పరీక్షించి చెప్పగా, ఫెక్నర్ 1860లో గ్రంథరూపమున విస్తరించెను. తరువాత 1957లో అమెరికాలో స్టీవెన్స్ మరియొక సూత్రము చెప్పెను. దాని ప్రకారము చీకటిలో చూచు వెలుగు రెట్టింపు అయినట్లు తోచుటకు, నిజమునకు సుమారు ఎనిమిది రెట్లు పెంచవలెను. వెలుగును లక్ష రెట్లు చేసిన కంటికి తోచు పెరుగుదల నలువదియారు రెట్లు. ఈ లెక్క సూచనప్రాయమే, కాని లైట్లపై లైట్లు చేర్చినను తృప్తి ఎందుకు కలుగదో దీనివలన కొంత బోధపడును.

ఇంకొక విచిత్రము. వెన్నెలలో మల్లెపూవు తెల్లగానే ఉండును. ఎండలో బొగ్గు నల్లగానే ఉండును. కాని వెన్నెలలోని మల్లెనుండి కంటికి వచ్చు వెలుగుకంటె, ఎండలోని బొగ్గునుండి వచ్చునది వేల రెట్లు ఎక్కువ! అయినను ఏ పసివాడును బొగ్గును తెల్లనిదనడు. పూవును దాని ప్రక్కనున్న ఆకుతో, బొగ్గును దాని ప్రక్కనున్న ఇసుకతో కన్ను పోల్చుకొనును. మూలవిరాట్టు చాల ఆలయములలో నల్లరాయి. నల్లరాతిపై వెండి నామము, బంగారు కిరీటము ఒక్క దీపమునకే మెరయుటలోని రహస్యమిదే. వెనుకనున్న తెల్లసున్నపు గోడను ఫోకసు లైటుతో వెలిగించితిరా, పోలిక తలక్రిందులై స్వామి ముఖము నల్లని నీడవలె తోచును. మా కన్నులార చూచి చెప్పుచున్నాము; ఆ ఆలయము పేరు ఇచ్చట అవసరము లేదు.

వృద్ధుల సంగతి కొంత నిదానముగా చెప్పవలెను, మేమును ఆ గుంపులోని వారమే గాన. వయస్సు మీరినకొలది కంటిపాప చీకటిలో మునుపటివలె విచ్చుకొనదు. లోని కటకము పసుపుబారును. ఇరువదేండ్లవాని నేత్రపటలమునకు చేరు వెలుగులో సుమారు మూడవ వంతే అరువదేండ్లవానికి చేరునని నేత్రశాస్త్రజ్ఞుల అంచనా. చీకటికి అలవాటు పడుటయు మందగించును. మూడేండ్ల క్రితము మాకు కుడికంటి శుక్లము తీసిరి. కట్టు విప్పిన దినమున మా పంచెను చూచి, చాకలి నీలిమందు ఎక్కువ వేసినాడని తలచితిమి. ఎడమకన్ను మూసి చూచిన నీలితెలుపు, కుడికన్ను మూసి చూచిన గోధుమ తెలుపు. ఎన్నేండ్లుగా లోకమును గోధుమ రంగు తెరవెనుకనుండి చూచుచు, తెలుపు చూచుచున్నామని నమ్మితిమో!

శుక్లము ముదిరిన కంటికి ఎదురు వెలుగు మహాశత్రువు. లోనికి వచ్చు కిరణము మబ్బుపట్టిన కటకములో నలుదిక్కుల చెదరి, కంటిలో పొగమంచువలె పరచుకొనును. ఆ పొగమంచులో మసక వస్తువులు మునిగిపోవును. గర్భాలయ ద్వారబంధమునకు కవచము లేని బల్బు తగిలించిన ఆలయములు ఎన్ని లేవు! చూచువానికి అది సహాయమని తలంపు. నిజమునకు ఆ బల్బు, దానికి వెనుకనున్న మూర్తికి అభిభవము. చేతితో ఆ బల్బును మరుగు పరచి చూడుడు. స్వామి ముఖము వెంటనే తేటపడును. కర్పూరహారతి వేళను ఇట్లే. జ్వాలనే చూచినవారికి కొంతసేపు కంటిముందు దాని నల్లనీడ ఆడుచుండును. హారతి వెలుగు పడుచున్న ముఖమును చూచినవారికి ఆ బాధ అంతగా ఉండదు.

ఆ దాతగారి లైట్ల డబ్బాను తెప్పించి చూచితిమి. ముందు పెద్ద అక్షరములలో వాట్లు ఉన్నవి. వాట్లు కరెంటు ఖర్చు, వెలుగు కాదు. వెలుగునకు ల్యూమెనులు చూడవలెను. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒకటి సుమారు అరువది డెబ్బది కొవ్వొత్తుల వెలుగు నిచ్చును. ఈ ల్యూమెనులోనే మనుష్యుని కన్ను దాగియున్నదని చాలమందికి తెలియదు. ఏ రంగు కాంతికి సగటు కన్ను ఎంత స్పందించునో 1924లో అంతర్జాతీయముగా ఒక పట్టిక నిర్ణయించి, దాని ప్రకారమే ఈ కొలత కట్టిరి. పసుపుపచ్చదనము కలిసిన ఆకుపచ్చకు కన్ను అన్నిటికంటె ఎక్కువగా స్పందించును. కంటికి అందని కిరణము ఎంత బలమైనదైనను దాని ల్యూమెనులు సున్న.

వివాహములలో అరుంధతీదర్శనము చేయించునప్పుడు ఇదంతయు మాకు జ్ఞప్తికి వచ్చుచుండును. సప్తర్షిమండలములో వసిష్ఠ నక్షత్రము అరుంధతికంటె సుమారు అయిదు రెట్లు వెలుగు గలది. పెద్దచుక్కను ముందు చూపి, పిదప దాని చెంతనున్న చిన్నదానిని చూపుట పూర్వుల పద్ధతి. మసక చుక్కను చూచుటకు దానిపై సూటిగా గాక, కొంచెము ప్రక్కకు చూపు నిలుపవలెను. కంటి నడిమి చుక్కలో దండకణములు లేవు. కాని ఇప్పుడు కల్యాణమండపపు లైట్లక్రింద నిలిచి చూపుచున్నాము. "కనబడినదా?" అనిన, వధూవరులు తలలూపుదురు. పగటి ముహూర్తమున ఎండలోకి వ్రేలు చూపు పురోహితులకు మా నమస్కారము. మేము మాత్రము వీలైనచోట లైట్లు అయిదు నిమిషములు ఆర్పించి, దంపతులను దొడ్డివైపు నిలిపి, అప్పుడు చూపుదుము. అందరికి కాకున్నను, కొందరికి నిజముగా కనబడును.

ఆ గ్రామాలయమున ధర్మకర్తలు మా మాట కొంత విని, కొంత వినలేదు. ద్వారబంధపు బల్బు తీసివేసిరి. గడపకును మెట్లకును, వెలుగు కాళ్లపై మాత్రము పడునట్లు, మరుగు వేసిన చిన్న లైట్లు పెట్టిరి. గడప అంచుకు పసుపు పూయించిరి. ముఖమండపములో వృద్ధులకు రెండు బల్లలు వేసి, పది నిమిషములు కూర్చుండనిచ్చి, ఆ తరువాత ప్రక్క వరుసనుండి పంపుచున్నారు. నూనె దీపములు రెండు ఉన్నవి నాలుగు చేసిరి. అవి మూర్తికి ఇరుప్రక్కల, చూచువారి కంటికి ఎదురు పడకుండ. ఫోకసు లైట్లను గోపురమునకు బిగించిరి. అవి సప్తర్షులున్న వైపునకే చూచుచున్నవి, ఏమి చేయుదుము!

ఆ వృద్ధురాలు మాఘమాసపు ప్రవచనమునకు వచ్చినది. మోకాలికి ఇంకను పట్టీ ఉన్నది. బల్లపై తన వంతుకై కూర్చుండి, లోపల ఉన్నది ఎన్ని దీపములో ప్రక్కవానికి లెక్కపెట్టి చెప్పుచున్నది.