నీటి మీద దారి గుర్తులు

బేర్ సరాయ్‌లో నివసించే మనకు 'సరాయ్' అనే మాట నిత్యం నోట నానుతూనే ఉంటుంది. సరాయ్ అనగా బాటసారులు రాత్రి బస చేసే సత్రం. కట్వారియా సరాయ్, జియా సరాయ్, కాలూ సరాయ్ - ఈ చుట్టుపట్ల ఆ పేరు మోసే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. మొగలుల కాలంలో రాజమార్గాల వెంట క్రోసుకొకటి చొప్పున 'కోస్ మినార్' అనే స్తంభాలను నిలిపేవారు. వాటిలో ఒకటి నేటికీ ఢిల్లీ జంతు ప్రదర్శనశాల ఆవరణలో ఉన్నది. నేల మీద దారి తప్పిన బాటసారి నలుగురిని అడిగి వెనుదిరగవచ్చు. నీటి మీద ఆ అవకాశం లేదు. అక్కడ దారి నీటి అడుగున ఉంటుంది. పైకి కనిపించేదంతా ఒకే తీరుగా ఉంటుంది. అందుచేత నావికులు నీటి మీద గుర్తులు నిలిపి, నీటి అడుగును కాగితం మీద గీసుకొన్నారు.

సెలవు ప్రయాణ సౌకర్యం మీద స్వస్థలాలకు వెళ్ళినప్పుడు మనలో చాలామంది పిల్లాపాపలతో పాపికొండలకో, కాకినాడ తీరానికో పోయి లాంచీ ఎక్కుతుంటారు. కనుక ఈ గుర్తులను, పటాలను చదివే పద్ధతి సరంగులకే గాక మనకూ కొంత తెలిసి ఉండటం మంచిది.

రంగుల భాష

సముద్రం నుండి రేవులోనికి వచ్చే ఓడకు నడవదగిన లోతు ఎంత వెడల్పున ఉన్నదో తెలిపేందుకు రెండు ప్రక్కలా లంగరు వేసిన తేలుడు గుర్తులను ఉంచుతారు. వీటినే బోయాలు అంటారు. మన దేశం అనుసరించే విధానంలో, రేవులోనికి వచ్చేటప్పుడు ఎడమచేతి వైపున ఎరుపు, కుడిచేతి వైపున ఆకుపచ్చ ఉంటాయి. ఎర్ర బోయా డబ్బా ఆకారంలో, పచ్చ బోయా శంకువు ఆకారంలో ఉండటం సాధారణం. ఎదుటి ఎండలో రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది. రాత్రివేళ ఆయా రంగుల దీపాలే వెలుగుతాయి. తిరిగి సముద్రంలోనికి పోయేటప్పుడు మాత్రం ఎరుపు కుడివైపునకు, పచ్చ ఎడమవైపునకు వస్తాయి. అనగా తాను ఏ దిశగా పోతున్నదీ తెలియని వానికి రంగు తెలిసినా ఉపయోగం లేదు.

ఈ ఏకరూపత తేలికగా సిద్ధించలేదు. ఒకప్పుడు ప్రపంచంలో ముప్పైకి పైగా బోయా పద్ధతులు వాడుకలో ఉండేవి. కొన్ని ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైనవి. 1971 జనవరిలో ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ డోవర్ జలసంధిలో 'టెక్సాకో కరీబియన్' అనే ఓడ మరొక ఓడతో ఢీకొని మునిగింది. మరునాడే 'బ్రాండెన్‌బర్గ్' ఆ శిథిలాలను తాకి మునిగింది. ఆ స్థలంలో హెచ్చరిక గుర్తులు పెట్టిన తరువాత కూడ, కొన్ని వారాలకు 'నికి' అనే మూడవ ఓడ అక్కడే మునిగిపోయింది. మొత్తం 51 మంది మరణించారు. ఈ దుర్ఘటనలే దేశాలను ఒక త్రాటి మీదకు తెచ్చాయి. 1980లో టోక్యో సమావేశంలో ఒక్క విధానం అంగీకృతమైంది. అయినా అందులో రెండు మండలాలు మిగిలాయి. ఉభయ అమెరికాలు, జపాను, కొరియా, ఫిలిప్పీన్సులలో ఎరుపు కుడిన ఉంటుంది. మన దేశంతో సహా మిగిలిన ప్రపంచంలో ఎడమన ఉంటుంది.

ఏది ఎడమ, ఏది కుడి?

నది విషయంలో ఇక్కడే చాలామంది తికమకపడతారు. నదికి ఎడమ గట్టు, కుడి గట్టు అనేవి నీరు పారే దిశకు ముఖం పెట్టి నిర్ణయించేవి. ఆ లెక్కన గోదావరికి రాజమహేంద్రవరం ఎడమ గట్టు, కొవ్వూరు కుడి గట్టు. కాని గుర్తుల ఎడమ, కుడులు సముద్రం నుండి ఎగువకు వచ్చే పడవను బట్టి నిర్ణయించినవి. ధవళేశ్వరం నుండి ఎగువకు పోయే పడవకు ఎడమచేతి వైపున ఉండేది కొవ్వూరు. కాబట్టి ఈ సూత్రం ప్రకారం ఎర్ర గుర్తు నదికి కుడి గట్టు వైపున, పచ్చ గుర్తు ఎడమ గట్టు వైపున వస్తుంది. దీనిని ఒకసారి కాగితం మీద బొమ్మ గీసుకొని చూస్తే ఇక మరపురాదు.

నాలుగు దిక్కుల గుర్తులు

కాలువ వంటి దారికి రెండు అంచులు చూపితే సరిపోతుంది. విశాల జలాలలో ఒక రాతిగుట్టో, ఇసుక మేటో ఉన్నప్పుడు దానికి ఏ దిక్కుగా పోతే క్షేమమో చెప్పాలి. ఇందుకు పసుపు, నలుపు రంగుల దిక్కు గుర్తులు ఉన్నాయి. వాటి తలపై రెండు నల్లని శంకువులు ఉంటాయి. రెండూ పైకి చూస్తే ఉత్తరం. రెండూ క్రిందికి చూస్తే దక్షిణం. అడుగులు కలిపి ఉంటే తూర్పు. మొనలు కలిపి ఉంటే పడమర. ఉత్తరపు గుర్తు కనిపిస్తే దానికి ఉత్తరంగా పోవాలని అర్థం; ప్రమాదం దానికి దక్షిణాన ఉన్నది.

ఇందులోని పొందిక ఇంజనీర్లకు ముచ్చట గొలుపుతుంది. శంకువుల మొనలు ఎటు చూపితే బోయా మీద నల్లరంగు అటే ఉంటుంది. రాత్రి దీపానికి గడియారమే కొండగుర్తు: తూర్పున 3 మెరుపులు, దక్షిణాన 6 మెరుపులూ వాటి వెంట ఒక దీర్ఘ మెరుపూ, పడమట 9, ఉత్తరాన ఎడతెగని మెరుపులు. ఇవి గాక, చుట్టూ లోతు ఉండి నడుమ మాత్రమే ప్రమాదం ఉన్న చోట నలుపు మీద ఎర్ర పట్టీ, తలపై రెండు నల్ల బంతులు గల గుర్తు ఉంటుంది. నిలువు ఎరుపు, తెలుపు చారలు, పైన ఒక ఎర్ర బంతి ఉంటే చుట్టూ క్షేమమైన నీరు ఉన్నదని భావించాలి. కొత్తగా మునిగిన ఓడకు నీలం, పసుపు నిలువు చారల గుర్తు 2006లో చేర్చబడింది.

పటంలోని అంకె

నావికా పటంలో నీటి మీద చల్లినట్లుండే చిన్న అంకెలు లోతులు. అయితే అవి ఈ క్షణాన ఉన్న లోతులు కావు. ఆటుపోట్లలో నీరు ఇంచుమించు అతి తక్కువకు దిగినప్పటి మట్టాన్ని సున్నాగా తీసుకొని లెక్కించినవి. దీనినే పటపు ఆధారమట్టం అంటారు. క్రింద గీత ఉన్న అంకె కనిపిస్తే, నీరు తీసినప్పుడు ఆ స్థలం అంత ఎత్తున బయటపడుతుందని అర్థం.

ఒక ఉదాహరణ చూద్దాం. పటంలో లోతు 3.5 మీటర్లు. ఆటుపోట్ల పట్టిక ప్రకారం ఆ వేళ పోటు ఎత్తు 0.9 మీటరు. మొత్తం నీరు 4.4 మీటర్లు. పడవ మునిగే లోతు, అనగా డ్రాఫ్టు, 3.2 మీటర్లయితే అడుగున మిగిలేది 1.2 మీటర్లు. చాలు కదా అనిపించవచ్చు. కాని నిస్సార జలాల్లో వేగంగా పోయే పడవ మరికొంత క్రిందికి కుంగుతుంది. ఆ కుంగుదల సుమారుగా వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. వేగం సగానికి తగ్గిస్తే కుంగుదల నాలుగవ వంతుకు దిగుతుంది. నీరు తక్కువైన చోట వేగం తగ్గించమనటంలోని శాస్త్రం ఇదే.

దూరాన్ని పటం ప్రక్క అంచున ఉన్న అక్షాంశపు కొలత మీదనే కొలవాలి. ఒక నిమిషం అక్షాంశం ఒక నాటికల్ మైలు, అనగా 1852 మీటర్లు. పై అంచున ఉన్న రేఖాంశపు కొలత మీద కొలిస్తే లెక్క తప్పుతుంది.

పటానికీ వయస్సు ఉంటుంది

పటంలో ముందుగా చూడవలసినది అంకెలు కాదు, సర్వే జరిగిన సంవత్సరం. నీటి అడుగు నేల వలె స్థిరం కాదు. మన గోదావరి మొగే ఇందుకు సాక్షి. ఒకనాడు ఓడలు కట్టి, మరమ్మతు చేసి పేరు పొందిన కోరంగి రేవు 1789, 1839 తుఫానుల తాకిడికి, ఒండ్రు మేటలకు క్షీణించింది. నౌకావ్యాపారం కాకినాడకు తరలింది. కాకినాడ అఖాతానికి నేడు గోడ వలె నిలిచిన హోప్ ఐలాండ్ గడచిన రెండు శతాబ్దాలలో గోదావరి ఒండ్రుతో ఏర్పడినదే. అంతకు పూర్వపు పటం పట్టుకొని వచ్చే నావికునికి అక్కడ నీరే కనిపిస్తుంది.

విశాఖపట్నంలో కూడ లోతు దానంతట అది నిలవలేదు. తీరం వెంట కదిలే ఇసుక నుండి కాలువను కాపాడేందుకు రేవు నిర్మాణ కాలంలో 'జేనస్', 'వెలెడ్‌సన్' అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా చేశారు. 1933లో రేవు ప్రారంభమైన నాటి నుండి పూడిక తీయటం నిత్యకృత్యమే.

ఈ మార్పులను కొలిచి పటాలకెక్కించే బాధ్యత డెహ్రాడూన్‌లోని జాతీయ జలమాపన కార్యాలయానిది. 1874లో కలకత్తాలో ఏర్పడిన మెరైన్ సర్వే విభాగం దీని మూలం. నావికులకు ప్రకటనల రూపంలో అది పక్షానికొకసారి సవరణలు వెలువరిస్తుంది. వాటిని చేర్చని పటం పాత వార్తాపత్రిక వంటిది. ఉపగ్రహ పరికరం మన పడవ ఉన్న స్థానాన్ని కొద్ది మీటర్ల తేడాతో చూపవచ్చు. కాని దాని తెర మీది లోతు ఎన్నడో కొలిచినదైతే, కచ్చితమైన స్థానమే మనలను మోసగిస్తుంది.

కచ్చులూరు నేర్పిన పాఠం

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద 'రాయల్ వశిష్ఠ' పర్యాటక బోటు గోదావరిలో మునిగింది. సిబ్బందితో సహా అందులో 77 మంది ఉన్నారు. ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. వారిని కాపాడటానికి ముందుగా పడవలు వేసుకొని వచ్చింది ఆ ఊరి గ్రామస్థులే. రెండు వందల అడుగులకు మించిన లోతు నుండి ఆ బోటును బయటకు తీయటానికి అక్టోబరు 22 వరకు పట్టింది.

ఇందులో గమనించవలసిన అంకె ఒకటి ఉన్నది. ఆనాడు నదిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులకు. అనగా వరద హెచ్చరికను బట్టి చూస్తే నది ఆనాడు ప్రమాదస్థాయికి చాలా దిగువన ఉన్నది. కాని ఆ హెచ్చరిక లంకలకు, గట్టు వెంబడి గ్రామాలకు ఉద్దేశించినది. కొండల నడుమ ఇరుకైన మలుపులో పోయే పడవకు ఉద్దేశించినది కాదు. విశాలమైన డెల్టాలో పరచుకొని పారే నీరే ఇరుకు లోయలో వడి పెంచుకొని సుడులు తిరుగుతుంది. ఏ గుర్తు ఎవరి కోసం, ఏ ప్రశ్నకు సమాధానంగా పెట్టినదో తెలియకుండా దానిని చదవరాదు.

ఎక్కడ సుడి ఉన్నదో, ఏ గట్టు వెంట పోవాలో నది ఒడ్డున పుట్టి పెరిగినవారికి అనుభవం వలన తెలుస్తుంది. అది విలువైన జ్ఞానమే గాని, మనిషితో పోయేది, నదితో మారవలసినది. పోలవరం వద్ద 2021లో ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్ళించిన తరువాత ఎగువ నీటిమట్టాల తీరే మారింది. నిన్నటి అనుభవాన్ని నేడు మళ్ళీ కొలిచి, గుర్తులుగా నిలపవలసి ఉంటుంది. కాకినాడ కాలువ మొదలు పుదుచ్చేరి వరకు, గోదావరి, కృష్ణలను కలుపుకొని 2008లో ప్రకటించిన నాల్గవ జాతీయ జలమార్గానికీ ఇదే వర్తిస్తుంది. దాని బాధ్యత చూసే జలమార్గాల ప్రాధికార సంస్థ కేంద్ర కార్యాలయం మన పొరుగున నోయిడాలోనే ఉన్నది.

ప్రయాణికులుగా మనం

లాంచీ ఎక్కే ముందు కొన్ని ప్రశ్నలు అడగటానికి సంకోచించనవసరం లేదు. ఈ రోజు నీటిమట్టం ఎంత, ప్రవాహం పెరుగుతున్నదా తగ్గుతున్నదా? ఈ సరంగు ఈ దారిన ఎన్నాళ్ళుగా నడుపుతున్నాడు? అనుమతించిన ప్రయాణికుల సంఖ్య ఎంత, ఎక్కినవారు ఎందరు? లైఫ్ జాకెట్ రేవు వద్దనే తొడిగి, మరల రేవు చేరే వరకు ఉంచుకోవాలి. పిల్లలకు వారి కొలతకు సరిపోయేదే అడిగి తీసుకోవాలి. సుందర దృశ్యం కనిపించగానే అందరూ ఒకే ప్రక్కకు చేరరాదు. గురుత్వకేంద్రం మనతో పాటు జరుగుతుంది. ఒడ్డున 'నేడు బోట్లు నడపబడవు' అన్న పలక కనిపిస్తే బేరమాడక వెనుదిరగాలి.

మన కర్మాగారాలలో గొట్టాల రంగులు, వాల్వులకు తగిలించిన చీటీలు, మీటర్ల మీది ఎర్ర గీతలు కూడ ఇటువంటి గుర్తులే. వాటిని పెట్టినవాడు వాటి అర్థం తెలియజేయాలి. చూసేవాడు చదవటం నేర్వాలి. ఇద్దరూ కలిసి వాటిని ఎప్పటికప్పుడు సరిచూడాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా గుర్తు వట్టి అలంకారంగా మిగులుతుంది. ఈసారి గోదావరి మీద పోయేటప్పుడు మన పిల్లలకు కొండల అందంతో పాటు గట్టున ఉన్న గుర్తును కూడ చూపి, దాని అర్థం సరంగును అడిగి తెలుసుకొందాం.