భారమంతా వేలి మీదే

1950లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో పోలీసు అధిపతుల సమావేశం జరిగింది. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ తన కొత్త చిన్న రివాల్వర్‌ను అక్కడ ప్రదర్శించి, దానికి పేరు పెట్టమని వాళ్లనే కోరింది. చీఫ్స్ స్పెషల్ అన్న పేరు అలా వచ్చింది. 1957 నుంచి అదే మోడల్ 36 అయింది. 1927లోనే కోల్ట్ కంపెనీ డిటెక్టివ్ స్పెషల్ పేరుతో ఆరు తూటాల పొట్టి రివాల్వర్‌ను అమ్మకానికి పెట్టింది. దానితో పోలిస్తే స్మిత్ అండ్ వెస్సన్ ఇంజనీర్లు ఒక తూటాను వదులుకున్నారు. కోటు కింద ఉబ్బెత్తుగా కనిపించేది సిలిండరే కాబట్టి, ఆరు గదులకు బదులు అయిదే పెట్టి దాన్ని సన్నబరిచారు. రెండు అంగుళాలకు కాస్త తక్కువ బ్యారెల్, సుమారు 550 గ్రాముల ఖాళీ బరువు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ రూపం పెద్దగా మారలేదు. ఇంతకాలంగా దీని గురించి పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది: వాడకం సులువు, తుపాకీ పట్టని కొత్తవాళ్లకు సరైనది అని. ఆ అభిప్రాయం తప్పు. యంత్రం చేయాల్సిన పనిని ఈ రివాల్వర్ మనిషి వేలికి అప్పగించింది. దాని బలాలూ పరిమితులూ ఆ ఒక్క చోటి నుంచే పుడతాయి.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో పేలిన మందు శక్తే వెనకభాగాన్ని జరిపి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, కొత్త తూటాను గదిలోకి తోస్తుంది. మందు బలహీనమైనా, పట్టు సడలినా ఆ చక్రం మధ్యలో ఆగిపోవచ్చు. రివాల్వర్‌కు ఆ బెడద లేదు. సిలిండర్ తిప్పడం, సుత్తిని వెనక్కి లాగి వదలడం, ఈ పనులన్నీ ట్రిగ్గర్ నొక్కే వేలే చేస్తుంది. తూటా పేలకపోతే మళ్లీ నొక్కితే చాలు, పక్క గది ముందుకొస్తుంది. వెనక్కీ ముందుకీ జరిగే భాగం లేదు కాబట్టి ఒంటికి ఆనించి ఉన్నా, గుడ్డ అడ్డొచ్చినా పనిచేస్తుంది. స్మిత్ అండ్ వెస్సన్ శతజయంతి సందర్భంగా 1952లో వచ్చిన సెంటెనియల్ రివాల్వర్‌లో సుత్తిని లోపలే దాచేశారు, జేబులోంచి తీసేటప్పుడు దారానికో అంచుకో తగులుకోకుండా. ఇవన్నీ నిజమైన గుణాలు. వీటిని కాదనడానికి లేదు.

అయితే ఆ వేలు మోయాల్సిన బరువెంతో చూడాలి. ఇలాంటి రివాల్వర్ ట్రిగ్గర్ నొక్కడానికి దాదాపు అయిదున్నర కిలోల బలం కావాలి. చేతిలోని వస్తువు అరకిలో. తన బరువుకు పది రెట్ల బలంతో లాగుతుంటే గురి కదలకుండా నిలపడం ఎంత కష్టమో ఊహించవచ్చు. పైగా గురి చూసేందుకు ముందున్న గుర్తుకూ వెనకున్న గాడికీ మధ్య దూరం బాగా తక్కువ. అది పది సెంటీమీటర్లనుకుంటే, కంటికి ఒక్క మిల్లీమీటరు తప్పినా ఏడు మీటర్ల అవతల ఏడు సెంటీమీటర్లు తప్పుతుంది. ఇక వెనక్కి తన్నే సంగతి. పది గ్రాముల తూటా సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళితే, గ్యాసును లెక్కలోంచి తీసేసినా, 550 గ్రాముల రివాల్వర్ సెకనుకు 3.6 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. అల్యూమినియంలో స్కాండియం కలిపి 340 గ్రాములకు దించిన రకమైతే ఆ వేగం దాదాపు ఆరు మీటర్లు. అరచేయి తట్టుకోవాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అంటే జేబుకు హాయిగా ఉండేది చేతికి బాధ. బాధ కలిగించే తుపాకీతో ఎవరూ సాధన చేయరు, సాధన లేనివాడికి ఆ ట్రిగ్గర్ లొంగదు.

రివాల్వర్ ఎన్నడూ ఇరుక్కోదు కదా అని కొందరంటారు. అరుదు నిజమే, కానీ తేలిక రకాల్లో ఓ విచిత్రం జరుగుతుంది. తుపాకీ విసురుగా వెనక్కి తన్నినప్పుడు, ఇంకా పేలని గదుల్లోని తొడుగులు దానితో వెనక్కి వెళ్తాయి. బరువైన తూటా మాత్రం జడత్వం వల్ల తొడుగులోంచి ముందుకు జారవచ్చు. అది సిలిండర్ ముందుభాగం దాటి పొడుచుకొస్తే సిలిండర్ తిరగదు. అప్పుడు మళ్లీ నొక్కితే చాలు అన్న సూత్రం పనికిరాదు.

దగ్గరి దాడిలో అయిదు తూటాలు చాలు అన్నది ఇంకా గట్టి వాదన. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దోపిడీదారులతో ఎఫ్‌బీఐ ఏజెంట్లు తలపడ్డారు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. మోడల్ 36లో తూటాలు అయిపోయి మళ్లీ నింపుతుండగా ఒక ఏజెంటు చేతికే దెబ్బ తగిలింది. చేయి ఛిద్రమైన మరొకరు తన రివాల్వర్‌ను నింపలేకపోయారు. ఆ పోరును ముగించిన ఏజెంటు చేతిలో ఉన్నదీ రివాల్వరే, కానీ పెద్దది, బరువైనది. తర్వాత ఎఫ్‌బీఐ సెమీ ఆటోమేటిక్‌లకు మళ్లింది. మామూలు పౌరుడికి మయామీ లాంటి పోరు ఎదురుకాకపోవచ్చు, అది ఒప్పుకోవాల్సిందే. అయినా 2018లో వచ్చిన సిగ్ పీ365 పిస్టల్, మోడల్ 36 కంటే తేలికైన దేహంలో పది తూటాలు పట్టించింది కాబట్టి, చిన్నదనం కోసం అయిదుతో సరిపెట్టుకోక తప్పదనే మాట ఇక చెల్లదు.

ఈ లెక్క మన దేశానికీ వర్తిస్తుంది. ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత, 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం నిర్భీక్ పేరుతో మహిళల కోసమని .32 రివాల్వర్ విడుదల చేసింది. టైటానియం మిశ్రమంతో చేసిన దాని బరువు సుమారు 500 గ్రాములు, అప్పట్లో ధర లక్ష రూపాయల పైమాటే. .32 తూటా మెల్లగా తన్నుతుంది, ఆ ఎంపిక మంచిదే. కానీ బరువు తగ్గించడమే ఆడవాళ్లకు చేసే మేలు అన్న ఆలోచన నాకు అంగీకారం కాదు. ధరా, లైసెన్సూ ఎలా ఉన్నా అవసరమైంది మెత్తని ట్రిగ్గర్, సాధనకు చోటు. 2009లో రూగర్ కంపెనీ ఎల్‌సీఆర్ రివాల్వర్‌తో పట్టించుకున్నది ఈ ట్రిగ్గర్ సంగతే. లోపలి కామ్ ఆకారం మార్చి రాపిడి తగ్గించింది, వేలు నొక్కుతున్నంతసేపూ ప్రతిఘటన ఒక్కసారిగా పెరగకుండా చూసింది. రివాల్వర్ చరిత్రలో అలాంటి మెరుగుదల ఇంత ఆలస్యంగా రావడమే నన్ను ఆశ్చర్యపరుస్తుంది.