పేపర్ ఆఫీసు కథ.. మన ఉద్యోగాల ముచ్చట

‘‘అన్నా, ఆప్టిట్యూడ్ బుక్కే ఇంకా తెరవలేదు. ఇప్పుడు ఇంగ్లిష్ నవలా?’’

మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గర ఓ జిరాక్స్ షాపు పైగదిలో మేం ఆరుగురం ఆదివారం సాయంత్రాలు కూర్చుంటాం. బుక్ క్లబ్ అనుకోండి. నేను తప్ప అందరూ ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లే. క్యాంపస్ ప్లేస్‌మెంట్లప్పుడు గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలక ఇంటికొచ్చినవాణ్ని నేను. భయం లేకుండా మాట్లాడే చోటు ఒకటి ఉండాలనే ఇది మొదలుపెట్టాం.

ఈసారి చదివిన నవల ‘ది ఇంపర్‌ఫెక్షనిస్ట్స్’. 2010లో వచ్చింది. రచయిత టామ్ రాక్‌మన్ రోమ్‌లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరిగా చేశాడు. కథ కూడా రోమ్ నుంచి వచ్చే ఓ ఇంగ్లిష్ దినపత్రికదే. దానికి వెబ్‌సైట్ కూడా ఉండదు, చివరికి మూతపడుతుంది. 11 అధ్యాయాలు, ఒక్కోటి ఒక్కో మనిషిది. తలా రెండు పంచుకున్నాం, నాకొకటే మిగిలింది. చదివొచ్చి తెలుగులో చెప్పాలి. తెలుగు మీడియం వాళ్లకి మొత్తం పుస్తకమంటే భయం గానీ, ఒక అధ్యాయం చదివేయొచ్చు.

విన్‌స్టన్ అనే కుర్రాడు స్ట్రింగర్ ఉద్యోగం కోసం కైరో వెళ్తాడు. అనుభవం సున్నా. స్నైడర్ అనే సీనియర్ వచ్చి అతని ఫ్లాట్‌లోనే మకాం పెడతాడు, ల్యాప్‌టాప్ కూడా లాక్కుంటాడు. పాపం, వీడు కాదనలేడు. ‘‘వీడు అచ్చం నేనే’’ అన్నాడో బీటెక్ తమ్ముడు. మూడు నెలలు జీతం లేని ఇంటర్న్‌షిప్ చేస్తే సర్టిఫికెట్ కూడా చేతికి రాలేదట. ‘‘ఏం పని, ఎన్ని రోజులు, ఎంతిస్తరు.. మొదటి రోజే మెయిల్‌లో అడగాలె’’ అంది ఎంబీఏ చెల్లెలు. అందరం ఫోన్లలో రాసుకున్నాం.

అసలు వేడి పుట్టింది మొదటి అధ్యాయం దగ్గర. లాయిడ్ అనే ముసలి విలేకరికి పారిస్‌లో పూట గడవదు. ఈమెయిల్ లేదు, ఇంకా ఫ్యాక్సే. డబ్బు కోసం లేని వార్త అల్లుతాడు. ఆఫీసువాళ్లు ఆరా తీయగానే అది కూలిపోతుంది. ఇది చెప్తున్న తమ్ముడు మధ్యలో ఆగిపోయాడు. కాసేపటికి, ‘‘అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ ఇస్తనంటున్నది. నాయిన అప్పు అడుగుతున్నడు’’ అన్నాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. తప్పని చెప్పడం నాకు తేలికే, నెల జీతం వస్తోంది కాబట్టి. నాకు తెలిసింది మాత్రం చెప్పాను. పెద్ద కంపెనీలు ఉద్యోగం ఇచ్చాక కూడా పాత అనుభవాన్ని వెరిఫై చేయిస్తాయి. పీఎఫ్ రికార్డులో రెండేళ్లు కనపడకపోతే అడుగుతారు. ఉద్యోగం పోతుంది, అప్పు మాత్రం ఉంటుంది. వాడు తలూపాడు. ఒప్పుకున్నాడో లేదో తెలీదు.

తప్పులు దిద్దే హెర్మన్ అధ్యాయానికొచ్చేసరికి మాట మన పత్రికల మీదికి మళ్లింది. సురవరం ప్రతాపరెడ్డి గోల్కొండ పత్రిక 1926లో మొదలైంది. 1930లో మన పక్కనున్న జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఆయనే. ఆ పత్రికలో ప్రూఫ్‌లు దిద్దిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకెళ్లి అమ్మాడు. ప్రూఫ్ రీడర్ అంటే చిన్న ఉద్యోగమని నేనూ అనుకునేవాణ్ని.

వచ్చే నెల ఆయన నవల ‘ప్రజల మనిషి’ చదువుతున్నాం. మొదటి భాగం చెప్తానని ఆ తమ్ముడే తీసుకున్నాడు. కన్సల్టెన్సీ గడువు ఈ శుక్రవారమట. ఆదివారం వస్తానన్నాడు.